ట్వైలా నవ్వుకు ప్రత్యామ్నాయ ఏర్పాట్లు

నాగరికత పరాకాష్ఠకు చేరిన దేశాన్ని గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. అక్కడ మనిషిని పనిలో పెట్టుకునేది ఒకరు, ఆ పనికి రూళ్ళు రాసేది ఇంకొకరు, జీతం ఇచ్చేది మాత్రం ఆమ్లెట్ తినడానికి వచ్చిన మూడోవాడు. ఎంత ఇవ్వాలన్నది అతగాడు ఆమ్లెట్ తిన్నాక, ఆ పూట తన కడుపు, తన పెళ్ళాం, తన ఫుట్‌బాల్ జట్టు ఎలా ఉన్నాయో చూసుకుని నిర్ణయిస్తాడు. దీన్ని మా ఇండియానాలో స్వేచ్ఛ అంటాం. (వేరే దేశాల్లో దీన్ని చెయ్యి చాపడం అంటారని విన్నాను. పాపం, వాళ్ళింకా అభివృద్ధి చెందలేదు.)

నేను ఎల్డన్ ఊళ్ళో డ్వేన్ డైనర్‌లో పెనం దగ్గర నిలబడే మనిషిని. వంటవాణ్ణి గనుక నా జీతం యజమానే ఇస్తాడు. నా మొహం గిరాకీలకు కనపడదు గనుక నేను నవ్వనక్కర్లేదు, నవ్వను కూడా. ముందు గదిలో వడ్డించేది ట్వైలా. ఆవిడకు డ్వేన్ ఇచ్చేది గంటకు రెండు డాలర్ల పదమూడు సెంట్లు. ఆ అంకెను నాకు మీసాలు రాకముందే ప్రభుత్వం ఖాయం చేసింది. ఆ తర్వాత గుడ్ల ధర పెరిగింది, ఇంటద్దె పెరిగింది, డ్వేన్ పొట్ట పెరిగింది, ఆ అంకెను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పాత కోర్టు భవనాన్ని కూడా మా కౌంటీ ఇంత భద్రంగా కాపాడలేదు.

మిగతాదంతా టిప్పు. టిప్పులు కలిపినా కనీస వేతనానికి అందకపోతే ఆ తేడా యజమాని ఇచ్చుకోవాలని చట్టంలో ఉంది. ఉందని డ్వేన్ కూడా ఒప్పుకుంటాడు. (స్వర్గం ఉందని కూడా ఒప్పుకుంటాడు. రెండింటినీ చూసి వచ్చినవాళ్ళు లేరు.)

వ్యవస్థ ఇలా సవ్యంగా నడుస్తుండగా కరోనా వచ్చింది. హోటళ్ళలో జనం కూర్చుని తినే ముందు గదులన్నీ మూసేయించారు. ట్వైలా ఇంటిపట్టున ఉండిపోయింది. ఉండక తప్పదు కూడా. ఆవిడ భర్త క్లీట్ ఇనుప ఫౌండ్రీలో ఊపిరితిత్తులు అరగదీసుకుని ఇంటికొచ్చిన మనిషి. ముక్కులో గొట్టం, పక్కన ఆక్సిజన్ యంత్రం. ఈ జబ్బు ఆ గడప దాటి లోపలికొస్తే క్లీట్ దక్కడని డాక్టరు నీళ్ళు నమలకుండా చెప్పేశాడు. అందుకని ట్వైలా నిరుద్యోగ భృతి తీసుకుంటూ, క్లీట్‌తో పేకాడుతూ, అతగాడు దొంగాట ఆడుతున్నాడని నాకు ఫోన్లు చేస్తూ రోజులు గడిపింది.

ఎండాకాలం రాగానే గదులు తెరవచ్చన్నారు. డ్వేన్ నా ఎదుటే ఆవిడకు ఫోన్ కలిపాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి పక్కన బంగాళాదుంపలు తరుగుతున్నాడు.

"ట్వైలా, సోమవారం నుంచి వచ్చేయ్."

"క్లీట్ సంగతి నీకు తెలుసు గదా డ్వేన్. ఇంకొన్నాళ్ళు ఆగుతాను."

"ఆగు, భేషుగ్గా ఆగు. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నేను పిలిచాను, నువ్వు రానన్నావు అని భృతి ఆఫీసుకు చెప్పాలి. చెప్పకపోతే తప్పు నాదవుతుంది. చెప్తే నీ భృతి ఆగిపోతుంది. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

"ఫోను నీ చేతుల్లోనే ఉంది గదయ్యా!"

సోమవారం ఆవిడ వచ్చింది. ఆవిడ కారు బ్యాటరీ చచ్చిపోవడంతో నేనే దింపి వస్తుండేవాణ్ణి. ఇల్లు చేరగానే గ్యారేజీలో బట్టలు మార్చుకుని, మోచేతులదాకా సబ్బుతో తోముకుని, అప్పుడు వంటింటి కిటికీ బయట నిలబడేది. లోపలినుంచి క్లీట్ యంత్రంతో సహా వచ్చి విచారణ చేసేవాడు.

"ఇవాళ ఎవరైనా నీ మీద దగ్గారా?"

"లేదు."

"ఎవరైనా ముద్దు పెట్టుకున్నారా?"

"ఇద్దరు. ఒకడికి పళ్ళు లేవు."

"అయితే ఫర్వాలేదు, లోపలికి రా" అనేవాడు, ఆయాసపడుతూనే నవ్వి. ఆ నవ్వు చివర వచ్చే దగ్గు విని ట్వైలా నా వైపు చూసేది కాదు.

మా పునఃప్రారంభాన్ని పర్యవేక్షించడానికి కౌంటీ ఒక అధికారిని వేసింది. పేరు మెర్ల్ స్టట్జ్‌మన్, హోదా పునఃప్రారంభ సమన్వయాధికారి. అంతకుముందు కౌంటీ సంతలో పందుల్ని తూచి ముద్ర వేసేవాడు. ఆ ఏడు సంత రద్దయింది, పందులు ఇళ్ళకెళ్ళిపోయాయి, ఆయన మాకు మిగిలాడు. మనిషి చెడ్డవాడు కాదు, రూలు చదువుతుంటే గొంతులో భక్తి పలుకుతుంది, అంతే. వచ్చీ రాగానే ఉప్పు డబ్బీలను, కెచప్ సీసాలను అదుపులోకి తీసుకున్నాడు. జబ్బు నిలబడ్డవాళ్ళను మాత్రమే పడుతుందని, కుర్చీలో కూర్చున్నవాళ్ళ జోలికి రాదని శాస్త్రీయంగా వివరించాడు. చివరికి ఏడో నిబంధన చదివాడు. వడ్డించే మనిషి బల్ల దగ్గర ఉన్నంతసేపూ గిరాకీ మాస్క్ వేసుకోవాలి. మరచిపోతే గుర్తు చేయాలి.

"ఎవరు గుర్తు చేయాలి సార్?" అంది ట్వైలా.

"వడ్డించేవారే."

"వాళ్ళకి కోపమొస్తే?"

"రావచ్చు. దానికి నిబంధనల్లో అభ్యంతరం లేదు."

"అది కాదు సార్. నా జీతం ఇచ్చేది వాళ్ళే గదా?"

మెర్ల్ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. "అదీ కరెక్టే" అన్నాడు.

అంటే దొంగను పట్టుకున్న పోలీసుకు ఆ నెల జీతం ఎంతివ్వాలో దొంగే చెప్పాలన్నమాట. ఏర్పాటులో లోపం ఏమీ లేదు. దొంగలు కూడా బాగుందన్నారు.

రెండు వారాలు తిరక్కుండానే టిప్పులు అడుగంటాయి. మాస్క్ పెట్టుకోమన్నందుకు కొందరు ఇవ్వలేదు, గది సగం ఖాళీగా ఉన్నందుకు కొందరు ఇవ్వలేదు, మిగిలినవాళ్ళు తమకూ కష్టకాలమేనని చెప్పి ఇవ్వలేదు. కనీస వేతనానికి తేడా డ్వేన్ చేతినుంచి ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోజు మా యజమాని మొహం చూసి జబ్బు అతగాడికే వచ్చిందనుకున్నాను. వెంటనే మెర్ల్‌ను పిలిపించాడు.

మెర్ల్ ఒక మూల బల్ల దగ్గర కూర్చుని రెండు పూటలు పరిశీలించాడు. (రెండు పూటలా తిన్నాడు. ప్రభుత్వోద్యోగి గనుక టిప్పు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోలేదు.) కారణం కనిపెట్టాడు. ఈ దేశంలో టిప్పు ఇచ్చేది ఆహారానికి కాదు, నవ్వుకు. మాస్క్ వల్ల ట్వైలా నవ్వు గిరాకీకి అందడం లేదు. సరుకు అందనప్పుడు డబ్బెలా వస్తుంది? దీన్ని ఆయన నవ్వు కొరత అని నమోదు చేసి, ప్రత్యామ్నాయ ఏర్పాట్లు సూచించాడు.

మొదట కళ్ళతో నవ్వమన్నారు. ట్వైలా కళ్ళతో నవ్వితే, బాగానే ఉన్నావా అమ్మా అని ఒక ముసలాయన మంచినీళ్ళు ఇచ్చాడు. తర్వాత మూతి దగ్గర పారదర్శకంగా ఉండే మాస్క్ తెప్పించారు. లోపల ఆవిరి పట్టి ఆవిడ మూతి మంచులో లారీలా కనపడీ కనపడకుండా ఉండేది. ఆఖరికి ట్వైలా నవ్వుతున్న ఫొటో ఒకటి ఏప్రన్‌కు పిన్నుతో గుచ్చుకోవాలని తీర్మానించారు. ఇంట్లో వెతికితే ఆవిడ నవ్వుతున్న ఫొటో ఒక్కటే దొరికింది, పెళ్ళికి ముందు చర్చి వనభోజనాల్లో తీసింది. ఏం నవ్వు అది! పళ్ళెం కంటే వెడల్పుగా మేం వేయించే పందిమాంసం ముక్క, టెండర్‌లాయిన్ కూడా దాని ముందు చిన్నదే.

"ఈ అమ్మాయి ఏ షిఫ్టులో వస్తుంది?" అని గిరాకీలు అడగడం మొదలెట్టారు.

"అది పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది నాన్నా" అనేది ట్వైలా, కాఫీ పోస్తూ.

"అయ్యో, మంచి పిల్లలు నిలవరు" అని ఆ పిల్ల పేరిట ఒకటో రెండో డాలర్లు పెట్టి వెళ్ళేవాళ్ళు. డ్వేన్ మొహానికి కళ తిరిగి వచ్చింది.

అటువంటి రోజుల్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం లైల్ క్రంప్ వచ్చాడు. ట్రాక్టర్ విడిభాగాల కొట్టు ఆయనది. పద్ధతి గల మనిషి. కూర్చోగానే ఒక్క డాలరు నోట్లు ఐదు బల్ల మీద వరసగా పరుస్తాడు. అది ట్వైలా టిప్పు. తప్పు జరిగినప్పుడల్లా ఒక నోటు తీసి జేబులో వేసుకుంటాడు. కాఫీ చల్లారితే ఒకటి, రొట్టె మాడితే ఒకటి. (రొట్టె మాడ్చేది నేను. ఆ సంగతి ఆయనకూ తెలుసు.) మా ఊళ్ళో చాలామంది ఆయన పద్ధతిని మెచ్చుకుంటారు.

ట్వైలా కాఫీ తెచ్చింది. "లైల్, నేనిక్కడ ఉన్నంతసేపూ మూతి కప్పుకోవాలి నాన్నా. కౌంటీ రూలు."

లైల్ మాస్క్ గడ్డం కిందే ఉంచి ఒక నోటు తీశాడు. "ఇది కౌంటీకి."

టెండర్‌లాయిన్ తెచ్చింది. మళ్ళీ చెప్పింది. "ఇది చెప్పిందే చెప్పినందుకు" అని ఇంకోటి తీశాడు.

కెచప్ పొట్లాలు తెచ్చింది. మళ్ళీ చెప్పింది. మూడోది పోయింది. "ఆ ఫొటోలో పిల్లయితే ఇంత సణిగేది కాదు" అన్నాడు.

"ఆ పిల్లకి అప్పటికింకా క్లీట్ లేడు లైల్."

కిటికీలోంచి పళ్ళెం అందిస్తూ నేనే ఆగలేకపోయాను. "ఊరుకోరాదూ ట్వైలా, వాడి మొహం. రెండు డాలర్లన్నా మిగుల్తాయి."

"వాడు తుమ్మితే నేనింటికి పట్టుకెళ్ళేది డాలర్లు కాదు ఫ్లాయిడ్" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళతో నవ్వమన్నప్పుడు కూడా అవి అంత మెరవలేదు. నాకు వాణ్ణి పెనం మీద వేసి అట్టు తిప్పినట్టు తిప్పాలనిపించింది.

కాఫీ మళ్ళీ పోయడానికి వెళ్ళి చెప్పింది, నాలుగోది పోయింది. బిల్లు ఇస్తూ చెప్పింది. లైల్ నోరంతా తెరిచి ఆవిడ మొహంలోకి నవ్వి, ఆఖరి నోటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ట్వైలా కాఫీ కూజా బల్ల మీద పెట్టింది. "అయిపోయాయా?"

"ఏంటి?"

"నోట్లు. అన్నీ తీసేసుకున్నావు గదా. ఇంక నీ దగ్గర నాకు పోయేదేం లేదు. మూతి కప్పు, లేదా లేచి బయటికి నడు."

పక్క బల్లల దగ్గర ముగ్గురు తమకెవరూ చెప్పకుండానే మాస్కులు పైకి లాక్కున్నారు. లైల్ ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు, లేచాడు, వెళ్ళాడు. ట్రక్కు స్టార్ట్ చేయకముందే కౌంటీకి ఫిర్యాదు చేశాడు.

మర్నాడు మెర్ల్ విచారణకు వచ్చాడు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి నిర్ణయం చదివాడు. గిరాకీ ఐదో నోటు తీసుకున్న క్షణం నుంచీ సదరు ట్వైలాకు జీతమిచ్చేవారు ఆ గదిలో ఎవరూ లేరు. జీతం లేని మనిషి ఉద్యోగి కాదు. ఉద్యోగి కానివారికి ఏడో నిబంధన అమలు చేసే అధికారం లేదు. కాబట్టి జరిగింది ఇద్దరు పౌరుల మధ్య కీచులాట.

డ్వేన్‌కు రోషమొచ్చింది. "మరి నేనిచ్చే రెండు డాలర్ల పదమూడు సెంట్ల సంగతేంటి?"

"దాన్ని కూడా పరిశీలించాను. జీతమనడానికి వీలు కుదరలేదు."

ఇలాంటివి మళ్ళీ జరగకుండా నిబంధనకు ఒక సవరణ కూడా తెచ్చాడు. ఇకమీదట ఏ తప్పుకైనా గిరాకీ ఎన్ని నోట్లయినా వెనక్కి తీసుకోవచ్చు గానీ, లేచి వెళ్ళేదాకా ఒక్క డాలరు మాత్రం బల్ల మీద ఉంచి తీరాలి. వడ్డించే సిబ్బందికి ఎల్లప్పుడూ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేలా చూడటం దీని ఉద్దేశం. కౌంటీలన్నిటికీ దీన్ని వేతన భద్రత అనే పేరుతో పంపుతున్నారట.

ట్వైలా చేతులు కట్టుకుని అంతా విన్నది. "ఒక్క డాలరు పోతుందంటే నాకు భయమేంటి సార్? ఇంట్లో ఊపిరాడని మనిషిని పెట్టుకుని వస్తున్నాను. పోతుందని భయపడేది ఆ ఊపిరి గురించి."

మెర్ల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే జాలిపడ్డాడు, నేను చూశాను. కలం మూత తీసి, కాగితం మీద అంకె ఉన్న చోట కొట్టేసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పోనీ, ఎంతుంటే భయపడతారో మీరే చెప్పండి ట్వైలా గారూ. అంతే రాస్తాను."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎంత కావాలని ట్వైలాను ఎవరైనా అడగడం అదే మొదటిసారి.