పాస్టరుగారి ఐదు నిమిషాలు

తన పేరులో మిగిలిన చివరి పవిత్ర పదాన్ని కూడా విజయవంతంగా తొలగించుకున్నట్లు మా ప్రసార సంఘం సభ్యులందరికీ సగర్వంగా తెలియజేసింది. మొదట అది 'ప్రభు దీపం క్రైస్తవ ప్రసార సంఘం'. తర్వాత 'ప్రభు దీపం'. ఇప్పుడు వట్టి 'దీపం'. దీపం ఎవరినీ నొప్పించదు కదా.

కాథలిక్కుల గొంతూ సోషలిస్టుల గొంతూ మా చెవిన పడకూడదనే మా ప్రొటెస్టంటు పెద్దలు ఈ సంఘం పెట్టారు. ఒకే రేడియోలో ఒక్కో వర్గం సంఘానికి ఒక్కో వంతు. వాళ్ల వంతు రాగానే మా తాత రేడియో కట్టేసి, పైన గుడ్డ కప్పేవాడు. మా వంతు రాగానే పక్కింటి కాథలిక్కు అదే పని చేసేవాడు. ఆ విధంగా నెదర్లాండ్స్‌లో మతసామరస్యం వర్ధిల్లింది.

కాలక్రమాన, టీవీ వచ్చాక, నాట్యం పాపమన్న సంఘమే నాట్యపోటీలు పెట్టింది. ఆదివారం సైకిలెక్కడం తప్పన్న సంఘమే ఆదివారం సైకిలు పందేలు చూపింది. మారావేమంటే, మారలేదు, విశాలమయ్యానంది. మిగిలింది ఆదివారం ఉదయం పాస్టరు సీబ్రెన్‌గారి ఐదు నిమిషాల ప్రార్థన ఒక్కటే. అది మూడు నిమిషాలైంది. పిదప ఆయన వెనక గొర్రెలు మేసే 'ప్రశాంత క్షణం' అయింది. చివరికి గొర్రెల్ని ఉంచుకుని ఆయన్ని ఇంటికి పంపారు. ఆయనకు ఆ ఐదు నిమిషాలే ప్రాణం. చర్చికి రాలేని మంచంపట్టిన వాళ్లు తనకోసం ఎదురుచూస్తుంటారని ఒకటే దిగులు.

ఇంతలో, తమకంటూ ప్రత్యేకత లేని సంఘాలకు ప్రసార సమయం ఇవ్వబోమని ప్రభుత్వం ప్రకటించింది. హిల్వర్సుమ్ పట్నంలోని మా సంఘం ఆఫీసులో గగ్గోలు పుట్టింది. భవనమంతా గాలిస్తే యోగా గది దొరికింది గాని, దేవుణ్ణి నమ్మే మనిషి దొరకలేదు. డైరెక్టరు మార్లూస్ స్వయంగా పాస్టరుగారింటికి వెళ్లింది. ఆయన కాఫీ ఇచ్చి, బిస్కెట్ల డబ్బా చాపి, ఆమె ఒకటి తీసుకోగానే, అతిథికి ఒక్కటే అన్న మా దేశాచారం ప్రకారం మూత పెట్టేశారు.

"ప్రసార సమయం ఇచ్చే ప్రభుత్వ కమిటీ ముందు ఒక్కసారి ప్రార్థన చేసిపెట్టండి పాస్టరుగారూ. మా పరువు మీ చేతుల్లో ఉంది."

"చేస్తానమ్మా. మరి నా ఐదు నిమిషాలో?"

"సభ్యులు ఊఁ అంటే మీవేనండీ."

ఆయన ప్రార్థించారు. కళ్లు ఎప్పుడు తెరవాలో తెలియక పాలకవర్గమంతా ఆమెన్ అయ్యాక కూడా మూసుకునే కూర్చుంది. ఇంతటి భక్తి ఏ సంఘంలోనూ చూడలేదని మెచ్చుకుని, కమిటీ ఐదేళ్ల ప్రసార సమయం మంజూరు చేసింది.

మార్లూస్ మాట తప్పలేదు, సభ్యుల్ని అడిగింది. మేం భగ్గుమన్నాం. తాతలనాటి ప్రార్థన తీసేయడమేమిటి? ఉండి తీరాలని ముక్తకంఠంతో ఓటేశాం. పాస్టరుగారు కంటతడి పెట్టుకుని, కొత్త టై కొనుక్కున్నారు.

మొన్న బేకరీ దగ్గర కనిపించి, ప్రార్థన ఎలా ఉంటోందని అడిగారు.

"చాలా బావుందండీ. వెనకాల ఆ గొర్రెలు మరీ బావున్నాయి."

ఆయన మెల్లగా అన్నారు. "నేను తిరిగొచ్చిన రోజే గొర్రెల్ని తీసేశారు బాబూ."

నాకు ఒళ్లు మండిపోయింది. సభ్యుల్ని అడక్కుండా గొర్రెల్నెలా తీసేస్తారు? ఇంటికి రాగానే సంఘానికి ఘాటుగా మహజరు రాశాను. సంతకాలు సేకరిస్తున్నాను. కార్యక్రమం చూడనివారు కూడా చేయవచ్చు.