మూడు వారాల వంగుడు

కామరాజు చేసిన పనిని కృపానందం సచ్చేదాక మర్వడు. నియోజకవర్గ ఇన్‌చార్జి పెద్దరాములు పుట్టినరోజుకు ఇంద్రేశంల కట్టిన ఫ్లెక్సీ మీద ఇరవై ముగ్గురు లీడర్లను నిలువుగ నిలబెట్టి, ఇరవై రెండేండ్ల సంది జెండా మోస్తున్న కృపానందాన్ని మాత్రం మెడకాడికి కోసి, కింది మూలకు, ఫ్లెక్సీ ప్రింట్ కొట్టినోని ఫోన్ నంబరు పక్కన పెట్టిండు.

"తలకాయ ఒక్కటే పెట్టినవేందిరా?" అని అడిగితే కామరాజే నొచ్చుకున్నడు.

"అన్నా, నీ పొట్ట పెడితే ఇద్దరు మండల నాయకులను తీసెయ్యాలె. పార్టీకి నష్టం గదా. ముందుగాల పార్టీ, తర్వాతనే నువ్వు, నేను."

ఆ పొట్ట ఉత్తగ వచ్చింది గాదు. అండ్ల మూడు ఎన్నికల బిర్యానీ ఉంది, ఎన్నో ప్రెస్ మీట్ల సమోసలు ఉన్నయ్, ఇద్దరు ఇన్‌చార్జిల పుట్టినరోజు కేకులున్నయ్. పార్టీ కృపానందానికి ఇచ్చిన ఆస్తి అదొక్కటే. బొడ్డు కాడి గుండీ అయితే ఎప్పుడో పార్టీ మారింది.

ఆ వారమే పటాన్‌చెరు ఫంక్షన్ హాల్ల పెద్దరాములు చారిత్రక ప్రకటన చేసిండు. స్టేజీ మీదికి ఆయన పొట్ట ముందుగాల వచ్చింది, రెండు నిమిషాలకు ఆయన వచ్చిండు. జనం రెండింటికీ చప్పట్లు కొట్టిన్రు.

"మనది ఇగ ఫిట్ పార్టీ!" అన్నడు రాములన్న. "సర్వే కంపెనీ రిపోర్ట్ ఇచ్చింది. క్యాండిడేట్ పొట్ట ముందుకొస్తే ఓట్లు ఆరు శాతం వెనక్కి పోతున్నయట. మున్సిపల్ టికెట్ ఫిట్‌గ ఉన్నోళ్లకే! పదకొండో వార్డుకు ఇద్దరు అడుగుతున్నరు, కృపానందం, కామరాజు. బీ-ఫారం నా చేతుల ఉంటది. ఎవరు ఫిట్‌గ కనవడితే వాళ్లకిస్త."

కామరాజు పొట్ట లోపలికి పీల్చిండు. కృపానందం గూడ పీల్చిండు గాని, లోపల జాగ లేదు.

*

కృపానందం పెండ్లాం మార్తమ్మ పాశమైలారం దిక్కు ట్యాబ్లెట్ల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్. పద్దెనిమిదేండ్ల సంది కిరాయి ఇల్లు మీద కిరాయి ఇల్లు మారుతున్నది. కృపానందం ఒకప్పుడు పనిచేసిన కంపెనీ మూతబడ్డప్పుడు వచ్చిన సెటిల్మెంట్‌తోని ఇంద్రేశం శివార్ల చిన్న ప్లాటు కొన్నరు. రిజిస్ట్రేషన్ లేని నోటరీ జాగ. మార్తమ్మ ప్రతి ఆదివారం చర్చి అయినంక పోయి ఆ హద్దురాళ్లను చూసి వచ్చేది. ఒక రాయి మీద కూసోని, "ఇక్కడ వంటిల్లు" అనుకునేది.

"ప్లాటు అమ్మి పొట్ట కోయించుకుంటవా?" అన్నది మార్తమ్మ. "తక్కువ తిను. పైసలు గూడ మిగులుతయ్."

"తక్కువ తిని తగ్గాలంటే ఏడాది పడుతది. ఎలక్షన్ నెలన్నరల ఉంది. కౌన్సిలర్ అయితే గసుంటి ప్లాట్లు పది, మార్తా."

"పొట్ట తీసేస్తే నీ దగ్గర ఇంకేమున్నది?"

అది ప్రశ్నో, తిట్టో కృపానందానికి సమజ్ గాలే. ప్లాటుకు గిరాకీ తెచ్చింది ఎవరనుకున్నరు, కామరాజే. రాజకీయం వేరే, రియల్ ఎస్టేట్ వేరే అని ఇద్దరికీ ఎరుకే. "మా బామ్మర్ది కొంటడన్నా. నీ ఆరోగ్యం ముఖ్యం" అని రేటు జెర తగ్గించి ఇప్పిచ్చిండు. ఏం రోగమని అడిగితే కృపానందం "హెర్నియా" అన్నడు. ఊరికంతటికీ అదే చెప్పిండు. ప్రజానాయకుని జీవితం తెరిచిన పుస్తకం గాని, అట్ట మాత్రం వేరే ఉండాలె.

హైటెక్ సిటీ దిక్కు ఒక క్లినిక్‌ల డాక్టరు నల్ల మార్కరు పట్టుకోని కృపానందం పొట్ట మీద అడ్డం, నిలువు గీతలు గీసిండు. కృపానందం అద్దంల చూసుకున్నడు. అచ్చం వెంచర్ లేఅవుట్ లెక్కనే ఉంది.

"ఈ కింది భాగం మొత్తం తీసేస్తాం" అన్నడు డాక్టరు.

"రోడ్డు వైడనింగా సార్? మరి బొడ్డు?"

"బొడ్డును కొత్త చోట పెడతాం."

ప్రాజెక్టు కింద ఊర్లు పోయినోళ్లకు ఏండ్ల తరబడి దొరకని పునరావాసం కృపానందం బొడ్డుకు ఒక్క పూటల మంజూరైంది.

*

ఆపరేషన్‌కు ముందుగాల, ఆ తర్వాత ఇంట్ల ఏమేం చెయ్యాలెనో క్లినిక్‌వాళ్లు రెండు కాయితాలు ఇచ్చిన్రు. కంపెనీ అలవాటు కొద్ది మార్తమ్మ వాటిని గోడకు అంటించి "ఎస్‌ఓపీ" అన్నది, కంపెనీల పని రూల్స్ కాయితాన్ని అట్లనే అంటరు. తంబాకు ఇయ్యాల్టి సంది బంద్. మందులు, ఫోను, నీళ్లు అన్నీ నడుం ఎత్తున, చెయ్యి అందే కాడ పెట్టాలె. బరువు ఎత్తొద్దు. దగ్గొద్దు. నవ్వొద్దు, కుట్లు గుంజుతయ్. వెల్లకిల పండుకోవద్దు, వెనక్కి వాలే కుర్చీల మోకాళ్ల కింద మెత్తలు పెట్టుకోని పండాలె. నడిస్తే నడుం ముందుకు వంచి నడవాలె, ఇరవై ఒక్క రోజులు.

"వంగుడు నీకు కొత్తగాదు" అన్నది మార్తమ్మ. "కుర్చీ ఒక్కటే కొత్త."

వాలే కుర్చీ కోసం టెంట్ హౌజ్ ముస్తఫాను అడిగిన్రు. ముస్తఫా దోస్తానా మనిషి. "భాయ్, నా దగ్గర వాలేది ఒక్కటే ఉంది. రిసెప్షన్ల పెండ్లికొడుకు కూసునేది. ఈ నెల దానికి బుకింగ్ లేదు, తీస్కపో" అన్నడు. బంగారు రంగు, ఎర్ర మఖ్మల్, చేతుల కాడ రెండు సింహాలు. రెండు రూముల ఇంట్ల అది దిగినంక మార్తమ్మ వంటింట్లకు పోవాలంటే సింహాన్ని దాటిపోవాలె.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చినంక కృపానందం ఆ సింహాసనం మీద మోకాళ్ల కింద మూడు మెత్తలతోని, పక్కటెముకల కాడి నుంచి తొడల దాక బిగించిన బెల్టుతోని కూసున్నడు. రెండు దిక్కుల రెండు పైపులు, వాటికి రెండు బుడ్డీలు. పొట్టలకెళ్లి కారే ఎర్రనీళ్లు అండ్ల పడుతయ్. మార్తమ్మ పొద్దుమాపు కొలిచి పుస్తకంల రాస్తున్నది: టైము, దిక్కు, ఎన్ని ఎమ్మెల్లు, రంగు. కింద సంతకం.

"ఎడమ దిక్కు నలభై. కుడి దిక్కు యాభై ఐదు."

"కుడి దిక్కు మెజారిటీ ఎందుకొచ్చింది?"

"నవ్వియ్యకు నన్ను. నువ్వూ నవ్వకు. ఎస్‌ఓపీ."

నవ్వొద్దంటే మనిషికి ప్రతిదీ నవ్వొస్తది. టీవీల వార్తలు పెడితే అయిదో నిమిషంల కుట్లు గుంజినయ్. మార్తమ్మ రిమోటు దాచిపెట్టింది.

*

ఆరో రోజు, వెలిమెల ఊర్ల పెండ్లికి పోతూ పోతూ రాములన్న పరామర్శకు వచ్చిండు. ఎన్క కామరాజు, ఫోటోగ్రాఫరు, మరో తొమ్మిదిమంది. పెద్దమనిషి వస్తే సింహాసనం మీద కూసుండుడు మర్యాద గాదని కృపానందం సింహాల మీద చేతులు పెట్టి లేచిండు. సగం దాకనే లేచిండు. ఆ తర్వాత కుట్లు లెవ్వనియ్యలే. తల రాములన్న మోకాళ్ల దగ్గర ఆగింది. చేతులు జోడించిండు.

రాములన్న వంగి ఉన్న ఆ వీపును తడిమిండు.

"చూసిన్రా! ఆపరేషన్ అయిన మనిషి! పైపులు ఏలాడుతున్నయ్! అయినా ఎంత వంగిండు!" అని వెనక్కి తిరిగి కామరాజును పై నుంచి కిందికి చూసిండు. "ఏ రోగం లేదు నీకు. కట్టె లెక్క నిలవడ్డవేంది?"

కామరాజు జల్దీ వంగబోతే తలకాయ సింహానికి తాకింది.

"నేను గూడ ప్రజల కోసం పొద్దటి నుంచి ఏం తినలే" అన్నడు రాములన్న, పెండ్లిభోజనానికి పోతున్న మనిషి. కృపానందానికి నవ్వొచ్చింది. కుట్లు పట్టుకోని పండ్లు బిగబట్టిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఆ నీళ్లను ఫోటోగ్రాఫరు దగ్గరకొచ్చి తీసిండు. పొద్దుమీకేవరకు నియోజకవర్గంల ఉన్న వాట్సాప్ గ్రూపులన్నింట్ల "అన్నను చూసి కన్నీళ్లు పెట్టుకున్న కార్యకర్త" అని తిరిగింది. రాములన్న పోతూ పోతూ గడపల నిలవడి, "పదకొండో వార్డు నీదే" అన్నడు.

"ఇరవై రెండేండ్లు ఉత్తగ వంగిన, ఒక్కనాడు కనవడలే" అన్నడు కృపానందం పెండ్లాంతోని. "పైసలు పెట్టి వంగినంక కనవడ్డ."

"ఎడమ దిక్కు ముప్పై" అన్నది మార్తమ్మ. కాని ఆ ఆదివారం చర్చిల ఆమె గూడ జెర నిమ్మళంగనే కూసున్నది. ప్లాటు పోయినా వార్డు వస్తున్నదని.

ఆ తర్వాత పార్టీల గొప్ప క్రమశిక్షణ వచ్చింది. మీటింగుకు పోయొచ్చిన ముస్తఫా కుర్చీ అంచుకు ఊడిన దారం సరిచేసుకుంట చెప్పిండు: "భాయ్, హాల్ల అందరూ వంగే ఉన్నరు. ఎవరిదో ఉంగరం పడిపోయిందేమో అని నేను గూడ వంగి పది నిమిషాలు వెతికిన. తర్వాత తెలిసింది, అది మీటింగట. మైకులన్నీ నడుం ఎత్తుకు దించమన్నరు."

పదమూడో రోజు కామరాజు అరకిలో ఆపిల్ పండ్లు పట్టుకోని వచ్చిండు. గడప కాడి నుంచే వంగి వచ్చిండు.

"ఎంత మంచిగ వంగుతున్నవన్నా! నేను పొద్దుమాపు ప్రాక్టీస్ చేస్తున్న, నీ లెక్క వస్తలేదు. ఎన్ని రోజులుంటది ఇది?"

పొగిడితే కృపానందానికి నోరు ఆగదు. "డాక్టరు ఇరవై ఒక్క రోజులన్నడు."

కామరాజు వేళ్ల గణుపుల మీద లెక్కపెట్టిండు. బీ-ఫారాలు ఇచ్చే తారీఖు ఇరవై రెండో రోజు మీద పడ్డది. "దేవుడు సల్లగ చూడాలె అన్నా, జల్దీ నిలువుగ కావాలె నువ్వు" అని వెన్ను చూపియ్యకుంట, అట్లనే వంగి వెనక్కి నడుచుకుంట పోయిండు.

"మంచి పిలగాడు" అన్నడు కృపానందం.

*

ఇరవై రెండో రోజు పొద్దుగాల డాక్టరు చూసి సంతోషపడ్డడు. "బాగా మానింది. ఇప్పుడు నిటారుగా నిలబడండి. ఇన్నాళ్లు వంగి నడిచారు కదా, నడుం పట్టేసింది" అని ఎన్క నాలుగు స్టీలు పట్టీలున్న కొత్త బెల్టు కట్టిండు. "నెల రోజులు ఇది తియ్యొద్దు. అసలు వంగొద్దు."

కృపానందం లేచి నిలవడ్డడు. చొక్కా లోపలికి దోపుకున్నడు. పొట్ట బల్లపరుపు. బెల్టు బకిలు పెండ్లినాడు చూసిందే, మళ్ల ఇయ్యాల కనవడ్డది. మార్తమ్మ ఒక అడుగు వెనక్కి జరిగి చూసింది.

"ఇంత పొడుగుంటవా నువ్వు?" అన్నది. ఆమె మొకంల నవ్వు చూసి, ఇగ టికెట్ ఎక్కడికి పోతదిలే అనుకోని కృపానందం సీదా ఫంక్షన్ హాల్‌కు పోయిండు.

హాల్ల నూటయాభై వీపులున్నయ్. వాటి నడుమ నిలువుగ ఉన్నోళ్లు ఇద్దరే, రాములన్న, కృపానందం. అండ్ల కృపానందం నాలుగంగుళాలు ఎక్కువున్నడు. రాములన్న తల పైకెత్తి చూసిండు. ఆయన తల పైకెత్తి చూడవలసి వచ్చుడు, పార్టీల చేరినప్పటి సంది అదే మొదటిసారి.

"ఎవరీయన?"

"మన కృపానందమే అన్నా" అన్నడు కామరాజు కింది నుంచి. "మొకం కనవడ్తలేదు గాని, చెప్పులు ఆయనవే."

"ఏం కృపానందం, నా మీద ఏమన్న కోపమా?"

"అయ్యో, లేదన్నా! డాక్టరు నిలువుగ ఉండుమన్నడు."

"టికెట్ ఇచ్చేది డాక్టరా, నేనా?"

కృపానందం వంగబోయిండు. స్టీలు పట్టీలు వంగనియ్యలే. బలం పెట్టి గుంజితే తలకాయ ఒక్కటి కిందికొచ్చింది. రాములన్న బాధపడ్డడు.

"తల వంచుడు వేరే, నడుం వంచుడు వేరే. తల వంచినోడు లోపల ఏదో ఆలోచిస్తుంటడు."

"ఫిట్ పార్టీ అన్నరు గదన్నా! హెర్నియా గిట్ల ఏం లేకుండె. పొట్ట తీయించుకున్న. ప్లాటు అమ్మి తీయించుకున్న."

"పొట్టా?" రాములన్న తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నడు. "అది పోయిన నెల సర్వే. ఇప్పుడు కొత్తది వచ్చింది. పొట్ట లేనోన్ని చూస్తే, వీనికి పార్టీ ఏం పెట్టలే అనుకుంటున్నరట జనం. పేరు కరాబైతున్నది."

బీ-ఫారం తీసిండు. సంతకానికి బల్ల కోసం అటిటు చూసిండు. ఎదురుంగ కామరాజు వీపు సిద్ధంగ ఉంది, చదునుగ, కదలకుంట. కాయితం దాని మీద పెట్టి, పెన్ను ఒత్తి, పదకొండో వార్డు అని రాసి సంతకం చేసిండు. కామరాజుకు చక్కిలిగింతలైనయ్ గాని, నవ్వలే. ఎస్‌ఓపీ ఆయన ఎక్కడ నేర్చుకున్నడో!

*

నాలుగు రోజులకు పదకొండో వార్డు ఎన్నికల ఆఫీసు ఓపెనింగ్. జాగ కామరాజు బామ్మర్దిది. ముస్తఫా టెంటు బట్టలు, గుంజలు ట్రాలీల తెచ్చిండు. సింహాసనం గూడ తెచ్చిండు, రాములన్న కూసునేతందుకు.

పార్టీ మొత్తం వంగే ఉంది. టెంటు గుంజ ఎత్తి పట్టుకునేటోడు ఒక్కడు లేడు.

"అన్నా, పార్టీల నిలువుగ ఉన్నది నువ్వొక్కనివే" అన్నడు కామరాజు. "జెర ఆ మూలకు గుంజ పట్టుకో. ఫోటోల నిలువెత్తు పడుతవ్."

కృపానందం పోయి పట్టుకున్నడు. కాలి కింద హద్దురాయి తాకింది. మార్తమ్మ కూసునే రాయి.

ముస్తఫా జేబులు తడుముకున్నడు. "అరే, టేపు మర్సిపోయి వచ్చిన. ఎంత పెద్ద బట్ట గుంజాలె? జాగ ఎంతుంటది భాయ్?"

వంగినోళ్లంతా కింద నేలనే చూస్తున్నరు. కృపానందం గుంజ ఇడువకుంట చెప్పిండు.

"ముప్పై బై ముప్పై. తూర్పు మొకం. నూరు గజాలు."