రోహిణి ఎండలో రిహార్సల్స్

ఒక పెద్ద అడవిలో, ఎండలకు కొండలు కూడా పగిలేటట్టున్న కాలంలో జరిగిన సంగతి ఇది. పెద్ద అడవి అని ఎందుకంటున్నానంటే, అందులో చెట్ల కన్నా కమిటీలు ఎక్కువ. రాలిన ఆకులు ఊడవడానికి ఒక కమిటీ, ఊడ్చారో లేదో చూడటానికి ఇంకో కమిటీ, చూసొచ్చినవాళ్లకు దండలు వేయడానికి మరో కమిటీ. ఆకులు మాత్రం పడ్డచోటే ఉండేవి.

ఆ అడవికీ, కొండవతల అడవికీ నడుమ ఒక మడుగు ఉంది. వేసవిలో వాగులన్నీ ఎండిపోయినా ఆ మడుగులో నీళ్లుండేవి. ఏటా దానికోసం రెండు అడవులవాళ్లూ కొమ్ములు విరిగేలా కొట్టుకునేవారు. చివరికి రెండువైపుల పెద్దలూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. రోహిణి కార్తెలో ఒక పోటీ పెట్టుకోవాలి. ఒక్కో అడవి నుంచి ఒక్కరే దిగాలి. ముందు మడుగులో ఈత, ఆ తడి ఆరకముందే కొండ చుట్టూ సైకిలు, అది దిగీ దిగగానే రాళ్లదారిలో పరుగు. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేదాకా సాగే పోటీ. గెలిచిన అడవికి వానలు పడేదాకా మడుగు సొంతం. ఓడినవాళ్లు దాని గట్టు కూడా తొక్కకూడదు.

సైకిళ్లకు కొదవ లేదు. పాడుబడ్డ గెస్టుహౌసు వెనక తుప్పుపట్టినవి గుట్టగా పడున్నాయి.

మన అడవి తరఫున ఎలుగుబంటి కాటుకమ్మను ఎంపిక చేశారు. ఎంపికంటే పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకున్నదేమీ లేదు, సైకిలు తొక్కడం వచ్చింది ఆవిడ ఒక్కదానికే. చిన్నప్పుడు సర్కస్‌లో పనిచేసి, అది మూతపడ్డాక అడవికి తిరిగొచ్చింది. నోరు కాస్త దురుసు. ఒళ్లంతా దుప్పటి కప్పుకున్నట్టు నల్లటి బొచ్చు. ఆ బొచ్చుతో రోహిణి ఎండలో పగలంతా పోటీ అంటే ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

"నాకు గొంతెమ్మ కోరికలేమీ లేవు," అంది కాటుకమ్మ మండలి ముందు నిలబడి. "పొద్దున్నే మడుగు నాకు వదిలెయ్యండి. దారి పొడుగునా అక్కడక్కడ కుండల్లో ఉప్పేసిన నీళ్లు పెట్టించండి. రోజూ కొంచెం కొంచెంగా ఎండలో తిరిగితే ఒళ్లు అలవాటు పడుతుంది. నా గుహ ఆ మడుగు గట్టు మీదే ఉంది. ఓడిపోతే మీకు పోయేది నీళ్లే, నాకు ఇల్లూ పోతుంది."

మండలి అధ్యక్షులు ఏనుగు కుంభయ్యగారు చెవులూపి, "సబబుగానే ఉంది," అన్నారు. ఆయనకు ఎవరేం చెప్పినా సబబుగానే ఉండేది. చివర మాట్లాడినవాళ్లది మరీ సబబుగా ఉండేది.

చివర మాట్లాడేది ఎప్పుడూ కార్యదర్శే. కొండముచ్చు తోకేశ్వరరావు అని, మహా గట్టివాడు. ఏ పనైనా మొదలుకాకముందే దాన్ని ఘనంగా జరిపించగల సమర్థుడు.

"సాధనదేముంది అధ్యక్షా, ఎప్పుడైనా చేసుకోవచ్చు," అన్నాడు తోకేశ్వరరావు. "ముందు రిహార్సల్స్ కావాలి. ముఖ్య అతిథిగా పులిగారు వస్తున్నారు. ఆయన ముందు ఏదైనా అటూ ఇటూ అయితే మన పరువేం కాను?"

"రిహార్సల్స్ అంటే నేను ఈదడం, తొక్కడం, పరిగెత్తడమేగా?" అంది కాటుకమ్మ.

"అవీ ఉంటాయమ్మా, కార్యక్రమం చివర్లో."

మర్నాడే రిహార్సల్స్ మొదలయ్యాయి. వేదిక, దాని మీద కొండవతలకు కూడా వినిపించే మైకు, వట్టివేళ్ల తడికలు, పులిగారు నడిచి వచ్చే దారికి రెండుపక్కలా తోరణాలు. ఆ పనంతా అడవిపంది బురదప్పకు అప్పగించారు. అడవిలో తవ్వకం పనైనా, తడిపే పనైనా బురదప్పకే దక్కేది. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు, ఎందుకంటే అడగాల్సిన కమిటీలోనూ బురదప్పే ఉన్నాడు.

పులిగారు రిహార్సల్స్‌కి రారు కదా. ఆయన బదులు ఒక నక్కను కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటిరోజు నక్క బెదురుతూ అంచు మీదే కూర్చుంది. మర్నాటికి వెనక్కి జారగిలబడింది. ఆ తరవాత నుంచి, "దారంతా దుమ్ము లేస్తోంది, ఇలా అయితే నేను రాను," అనడం మొదలుపెట్టింది.

"పులిగారు కూడా అచ్చం ఇలాగే అంటారు," అని తోకేశ్వరరావు మురిసిపోయాడు. "బురదప్పా, దారంతా నీళ్లు చల్లించు."

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? మడుగులోంచే. పొద్దున చల్లితే మధ్యాహ్నానికి ఆరిపోయేవి, మళ్లీ చల్లేవారు. తడికలు ఆరిపోతే వాటిమీద చల్లేవారు. వేదిక ఎక్కేముందు కుంభయ్యగారు తొండంతో మడుగులో జలకాలాడి వచ్చేవారు. అధ్యక్షులు చెమటోడుతూ కనిపిస్తే బాగుండదట. వచ్చినవాళ్లందరికీ చల్లటి పానకం.

ఇంత జరుగుతుంటే కాటుకమ్మ ఎక్కడుందనుకున్నారు? వేదిక ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో. క్రీడాకారిణి ముఖ్య అతిథికి నమస్కారం పెట్టాలి, ఆయన జెండా ఊపేదాకా కదలకూడదు. జెండా ఊపాలంటే ముందు ప్రార్థన, ఆపైన స్వాగతోపన్యాసం, కార్యదర్శి నివేదిక, అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి సందేశం కావాలి. నక్క సందేశం రోజురోజుకీ పొడుగయ్యేది. నక్కకు అడవి గురించి ఇన్ని అభిప్రాయాలున్నాయని అప్పటిదాకా దానికే తెలియదు.

"నాకు కళ్లు తిరుగుతున్నాయి," అని కాటుకమ్మ ఒకరోజు కసిరింది.

"ఎండకు అలవాటు పడాలన్నావుగా, ఇదే మరి," అన్నాడు తోకేశ్వరరావు. "నువ్వు అడిగిందే మండలి చేస్తోంది. దానికి తోడు నీకో సన్మానం కూడా పెట్టాం."

"ఇంకా గెలవలేదు కదయ్యా."

"గెలిచాక సన్మానం ఎవరైనా చేస్తారమ్మా. గెలవకముందే చేస్తే అది ప్రోత్సాహం."

అలా రోజూ ఆవిడకు శాలువా కప్పారు. రోహిణి ఎండలో, ఒళ్లంతా బొచ్చున్న ఎలుగుబంటికి ఉన్ని శాలువా! ఎవడికైనా బుద్ధుండాలి. కుంభయ్యగారిది ఒకటి, బురదప్పది ఒకటి, నక్క పులిగారి తరఫున మరొకటి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మొదట్లో కాటుకమ్మకూ అది తియ్యగానే అనిపించింది. సర్కస్‌లో కొరడా దెబ్బలు తప్ప ఏమీ ఎరగని ఒళ్లు అది. చప్పట్లు కొడుతుంటే పక్కకు తిరిగి శాలువా జరీ చూసుకునేది. నాలుగు మాటలు మాట్లాడమంటే మాట్లాడింది కూడా. పోటీ సంగతి కొన్నాళ్లు మరిచిపోయింది, మడుగు వైపు చూడనూ లేదు.

ఒకరోజు తెల్లవారాక ఈదుదామని దిగితే కాళ్లు నేలకు తగిలాయి. అంతకుముందు అక్కడ మునిగితే పైకి రావడానికి ఊపిరి చాలేది కాదు. ఆవిడ అలాగే తడి ఒంటితో మండలి దగ్గరికి పరిగెత్తింది.

"మడుగు సగమైపోయింది. మీ చల్లడాలు ఆపండి."

"లోతు తగ్గిందా?" అన్నాడు తోకేశ్వరరావు. "మంచిదే కదా, ఈత సులువవుతుంది. మునిగే భయం కూడా ఉండదు."

"అసలు పోటీయే ఆ నీళ్లకోసమయ్యా."

"పోటీ సవ్యంగా జరక్కపోతే నీళ్లు మనకెలా వస్తాయమ్మా? సవ్యంగా జరగాలంటే రిహార్సల్స్ కావాలి. రిహార్సల్స్‌కి నీళ్లు కావాలి. ఇంత తేలిక విషయం అర్థం కాకపోతే ఎలా?"

కాటుకమ్మ కుంభయ్యగారి వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి."

"నువ్వన్నది సబబే," అన్నారు ఆయన. ఆ వెంటనే తోకేశ్వరరావు మాట్లాడాడు కాబట్టి అతని మాట మరీ సబబయింది. మడుగు తగ్గిపోతున్న విషయం పరిశీలించడానికి బురదప్ప అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. కమిటీ మడుగులో దిగి, బాగా పొర్లి, బురద చల్లగా ఉందని నివేదించింది.

ఆ రోజు నుంచి కాటుకమ్మ రిహార్సల్స్‌కి వెళ్లడం మానేసింది. క్రీడాకారిణి రాలేదని వాళ్లు బెంగపడతారనుకుంటే పొరపాటు. ఆవిడ స్థానంలో ఒక మొద్దును నిలబెట్టి శాలువాలు దానికి కప్పారు. మొద్దు మధ్యలో ప్రశ్నలు వేయదు కాబట్టి కార్యక్రమం ఇంకా చక్కగా సాగిందని అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం కొండ చుట్టూ సైకిలు తొక్కింది, రాళ్లదారిలో పరిగెత్తింది, నాలుక పిడచకట్టుకుపోయి పొదల్లో కూలబడింది. దారిలో కుండ మాట దేవుడెరుగు, కుండ పెంకు కూడా లేదు. ఇల్లు పోతుందన్న భయంతో ఏడుపొచ్చేది. శాలువాలు చూసుకుంటూ పోగొట్టుకున్న రోజులు గుర్తొస్తే తన మీద తనకే ఒళ్లు మండిపోయేది.

పోటీ రోజు వచ్చింది. తోరణాలు తళతళలాడుతున్నాయి. పులిగారు పనుల ఒత్తిడి వల్ల రాలేకపోతున్నట్టు కబురంపారు. నక్క ఆ మాట కోసమే కాచుకునున్నట్టు వెళ్లి కుర్చీలో కూర్చుంది.

కొండవతల అడవి నుంచి ఒక్క రేచుకుక్క వచ్చింది. పోటీకి దిగేదీ అదే, వెంట మంది లేరు, మార్బలం లేదు. మడుగు గట్టు మీద నిలబడి లోపలికి చూసింది. అడుగున నెర్రెలిచ్చిన బురద. నడిమధ్య గేదె డెక్కల గుంటలో దోసెడు నీళ్లు, వాటిమీద ఈగలు.

"ఈత ఎక్కడ ఈదాలండీ?" అంది రేచుకుక్క.

తోకేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "ఈత పూర్తయినట్టుగా భావించి, సైకిలు నుంచి మొదలుపెట్టొచ్చు."

"గెలిస్తే నీళ్లు తాగినట్టుగా కూడా భావించాలా?" అంది రేచుకుక్క. "మాకీ పోటీ వద్దు. మీ మడుగు మీరే ఉంచుకోండి."

అంతే. తోకేశ్వరరావు ఒక్క గెంతులో వేదికెక్కాడు. ప్రత్యర్థి బరిలోకి దిగకుండానే ఓటమి ఒప్పుకుందనీ, ఇది రిహార్సల్స్ సాధించిన విజయమనీ ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. కుంభయ్యగారి మెడలో దండ పడింది. మొద్దుకు కూడా ఒక దండ వేశారు.

కాటుకమ్మ చప్పట్లు కొట్టలేదు. రేచుకుక్క వెనకాలే వెళ్లి, "మరి మీరేం తాగుతారు చెల్లీ?" అని అడిగింది.

"మీ మైకు మా దాకా వినిపిస్తూనే ఉందక్కా. రోజుకి రెండుసార్లు దారి తడిపారనీ, పానకం పంచారనీ మీరే చెప్పుకున్నారుగా. ఇంక మడుగు మిగలదని మాకు అప్పుడే తెలిసిపోయింది. అందరం కలిసి ఎండిన వాగులో చెలమలు తవ్వుకున్నాం. కొండ దాటితే వాగే. పిల్లా జెల్లా ఉంటే వెంటపెట్టుకుని రా."

కాటుకమ్మ గట్టు మీది తన గుహ వైపు ఒకసారి చూసింది. ఇల్లు దక్కింది, కానీ అందులో ఉంటే చస్తుంది. కుందేళ్లనూ, లేడిపిల్లలనూ సైకిలు ముందూ వెనకా ఎక్కించుకుంది. మిట్టమధ్యాహ్నం కొండెక్కి, నడవలేనివాళ్లకోసం మళ్లీ దిగి, మళ్లీ ఎక్కింది. దాహంతో తూలే చిన్నప్రాణుల వెంట పరిగెత్తింది. రిహార్సల్స్‌లో ఎన్నడూ రాని అసలు పోటీ అదే. చివర జెండా ఊపేవాడు లేడు, ఆవిడ వెతకనూ లేదు. చెలమ దగ్గర చిన్నవాళ్లంతా తాగాక తను మూతి పెట్టింది.

ఇక్కడ మన అడవిలో విజయోత్సవం రెండురోజులు సాగింది. మూడోరోజు ఉపన్యాసం మధ్యలో కుంభయ్యగారి గొంతు పిడచకట్టుకుపోయింది. తడుపుదామంటే అడవి మొత్తంలో చుక్క లేదు. దాంతో మండలి కూడా కొండెక్కక తప్పలేదు. హోదా ప్రకారం వరసలో నిలబడటానికే సగం పొద్దు పోయింది. సాయంత్రానికి ఒకరి మీద ఒకరు పడుతూ, నాలుకలు వేలాడేసుకుని వాగులోకి దిగారు.

చెలమలో నీళ్లు తేటగా ఉన్నాయి. కుంభయ్యగారు ఆత్రంగా తొండం చాచారు. తోకేశ్వరరావు చెయ్యి అడ్డం పెట్టి, చుట్టూ చూసి, ఆఖరి ఊపిరంతా కూడగట్టుకుని అడిగాడు.

"దీనికి ప్రారంభోత్సవం జరిగిందా?"

కాటుకమ్మ లేచి వెళ్లి చెలమకు అడ్డంగా కూర్చుంది, వాళ్లు వరస మరిచిపోయి దాహమని అడిగేదాకా కదల్లేదు.

నీతి: బహుమతిని రిహార్సల్స్‌లోనే తాగేసినవాణ్ణి ఏ పోటీలోనూ ఎవరూ ఓడించలేరు.