గొలుసుకు కవచం, రాయికి రసీదు

ప్రభుత్వం ఒక వస్తువు ఇవ్వదలచుకుంటే ఇచ్చి తీరుతుంది. ఆ వస్తువు పనిచేయడానికి కావలసిన ఇంకో వస్తువు మాత్రం పరిశీలనలో ఉంటుంది. ఈ సూత్రం మీదే దేశం ఇంతకాలం చెక్కుచెదరకుండా నిలబడింది. మా కొండదారుల వాహన పర్యవేక్షణ విభాగమూ నిలబడింది. భద్రాచలంలో ఒక గది, ఒక వరండా, తొమ్మిది బీరువాలు గల ఈ విభాగంలో నేను జూనియర్ అసిస్టెంటును. పేరు జయరాజ్. గోదావరి పెరిగినప్పుడు ఫైళ్లను పై అరలోకి, తగ్గినప్పుడు కింది అరలోకి మార్చడం నా ముఖ్య విధి.

2006లో మాకు ఒక మోటారు సైకిలు వచ్చింది. పై కార్యాలయంలో ఒక పెద్ద అధికారి టీవీలో ఏదో పోటీ చూశారట. అందులో ఎవరో విదేశీయుడు కాలు కింద పెట్టకుండా బండరాళ్ల మీదుగా బండి ఎక్కించాడట. అలాంటి బండి ఒకటుంటే అడవి గూడేలకు రోడ్లు వేయనక్కర్లేదు కదా అని ఆయనకు తట్టింది. (పెద్దవాళ్లకు తట్టినవన్నీ చిన్నవాళ్లకు తగులుతాయి.) బండి సన్నగా, ఎత్తుగా, మేకలా ఉంది. కూర్చోవడానికి సీటు లేదు, నిలబడే నడపాలి. మా కార్యాలయంలో సీట్లుండి మనుషులుండరు. ఇక్కడ మనిషి ఉండి సీటు లేదు. మొత్తం మీద సరిపోయిందని మా సూపరింటెండెంటు దూలయ్య గారు సంతృప్తి వెలిబుచ్చారు.

ఆ మనిషి హెప్సిబా. అడవిలో పైగుంపు అనే గూడేనికి ప్రతి బుధవారం వెళ్లి పిల్లలకు టీకాలు వేసే నర్సు. కారేపల్లిలో మెకానిక్ షెడ్డు ఉన్న సంసోను ఆమె అన్న. ఆమెకు అక్షరాల కంటే ముందు గేర్లు వచ్చాయని అతను చెబుతాడు. నాలుగు ఐసు ప్యాకులున్న టీకాల పెట్టెను భుజానికి తగిలించుకుని, బండి మీద నిలబడి ఆమె కొండెక్కుతుంటే దారిలో మేకలు కూడా మేత ఆపి చూసేవి.

దారిలో మూడో మలుపు దగ్గర ఒక నల్లరాయి ఉంది. ఒక పక్క లోయ, ఒక పక్క గట్టు. రాయి మీదుగా పోక తప్పదు. ముందు చక్రం ఎక్కేది, వెనక చక్రం ఎక్కేలోగా బండి పొట్ట రాయి మీద కూలబడేది. చైను తెగేది. ఇలాంటి బండ్లకు పొట్ట కింద మందమైన పలక, చైను పక్కన ఒక గార్డు ఉంటాయి. కానీ మా కొనుగోలు ఉత్తర్వులో ‘మోటారు సైకిలు, ఒకటి’ అని ఉంది కనుక ఒకటే వచ్చింది.

చైను మూడుసార్లు తెగింది. బండిని అక్కడే వదిలి ఆమె ఎండలో నడిచి పైకి చేరేసరికి ఐసు నీళ్లయ్యేది. వేడెక్కిన మందు పిల్లలకు వేయకూడదు, పారబోయాలి. పైగుంపు పెద్ద జంపక్క తన మనవరాలిని చంకనేసుకుని మూడు బుధవారాలు ఎదురుచూసి, మూడుసార్లూ ఉత్తచేతులతో ఇంటికెళ్లింది. ఆ పిల్లకు తొమ్మిది నెలలు నిండాయి. పడాల్సింది తట్టు టీకా. అంతకుముందు ఎండాకాలం ఆ గూడెంలో తట్టు లేచి ఇద్దరు పిల్లలు పోయారు.

సంసోను ఊరుకోలేదు. లారీ కమాను పట్టీ ఒకటి కోసి బండి పొట్ట కింద, రొట్టెలు కాల్చే పాత పెనం ఒకటి చైను పక్కన బిగించాడు. మర్నాడే దూలయ్య గారి కంటపడింది.

“ఈ పెనం ఎవరు పెట్టారమ్మా?”

“మా అన్న సార్. మెకానిక్.”

“మన విభాగం ఉద్యోగా?”

“కాదు సార్.”

“మరి బండికీ అతనికీ సంబంధం?”

“బండితోని సంబంధం ఉన్నది సార్. ఆఫీసుతోనే లేదు.”

ప్రభుత్వ వాహనానికి ప్రభుత్వేతర ఇనుము అమర్చినందుకు ఆమెకు మెమో వెళ్లింది. ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం ఉండదని అందులో వాడుక భాషలోనే రాసి ఉంది. పట్టీ, పెనం జప్తు అయి నా బీరువాలోకి వచ్చాయి. కావలసిందేదో దరఖాస్తు పెట్టి అడగమన్నారు. ఆమె ‘చైన్ గార్డు’ అని ఒక్క ముక్క రాసిచ్చింది. అది అధికార భాష కాదని దూలయ్య గారు దానిని ‘చోదక శృంఖలాభిఘాత నిరోధక కవచం’గా దిద్దారు. చదివి హెప్సిబా నా వైపు తిరిగింది.

“జయరాజన్నా, ఇంత పొడుగు పేరు చైను పక్కన పడుతదా?”

కవచం ఎంపికకు కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు దూలయ్య గారు, సభ్యులు దూలయ్య గారు (ఇన్‌ఛార్జి), కన్వీనరును నేను. మూడు నమూనాలు వచ్చాయి. ఒకటి ప్లాస్టిక్, ఒకటి అల్యూమినియం, ఒకటి ఇనుము. ఇనుముది తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాను. దూలయ్య గారు నన్ను జాలిగా చూశారు.

“ఏమయ్యా జయరాజ్, కవచం దేన్నుంచి కాపాడాలి?”

“రాయి నుంచి సార్.”

“ఆ రాయిని కమిటీ చూసిందా?”

చూడలేదు. పద్నాలుగో నిబంధన ప్రకారం తాకిడి పరీక్ష అసలు తాకే వస్తువుతోనే జరగాలి. కమిటీ రాయి దగ్గరికి పోవచ్చు, కానీ ఆ దారిలో రాయి ఉంది కనుక జీపు పోదు. కాబట్టి రాయినే కమిటీ ముందు హాజరు పరచాలని తీర్మానమైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రాయిని తీసేయడానికి పైగుంపు వాళ్లు రెండేళ్ల కిందటే గడ్డపారలు పట్టుకుని దిగారు. అది రిజర్వు అడవి, గులకరాయి కదిపినా కేసవుతుందని అటవీ శాఖ వాళ్లు ఆపేశారు. మనుషులు నడవడానికి రాయి తీయకూడదు. పరీక్షించడానికైతే తీయవచ్చు. మా ఉత్తరం చూసి అటవీ సెక్షన్ అధికారి లాల్‌సింగ్ గారు వారం తిరక్కుండా అనుమతి ఫారం పట్టుకుని వచ్చారు. ఆ ఫారం కలప కోసం అచ్చేసింది.

“జాతి?” అన్నారాయన.

“నల్లరాయి,” అన్నాను.

“వయసు?”

“పెద్దదే.”

“నాటింది ఎవరు?”

ఆ గడి ఖాళీగా వదిలేశాం. హెప్సిబా మాత్రం పక్కన నిలబడి, “దేవుడని రాయున్రి, సంతకం ఆదివారం అడుగుదాం,” అంది.

షరతులు రెండు. రాయిని తొంభై రోజుల్లో యథాస్థానంలో తిరిగి పెట్టాలి. మళ్లీ కావాలంటే ముప్పై రోజులు అక్కడ విశ్రాంతి ఇచ్చి తీసుకోవాలి. రాయి తీసే రోజు గూడెం మొత్తం వచ్చింది. ప్రభుత్వ పనికి జనం అంత సంతోషంగా చెమటోడ్చడం నా సర్వీసులో చూడలేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మేం కొండను తవ్వి కొండముక్కనే పట్టాం. ట్రాక్టరు గట్టు కింద ఆగింది, రాయిని దుంగల మీద దొర్లించి ఎక్కించారు. జంపక్కకు రసీదు రాసిచ్చాను. ‘రాయి, నల్లది, ఒకటి. పరీక్ష నిమిత్తం స్వీకరించడమైనది.’

ఆమె కాగితాన్ని రెండు పక్కలా తిప్పి చూసింది.

“కాయితం ఇయ్యకుండ మా గుంపుల నుంచి పోయినయి చానా ఉన్నయి బిడ్డా. కాయితమిచ్చి తీస్కపోయేది గీ రాయినే,” అని మడిచి రొంటిన దోపుకుంది. నాకు సిగ్గేసింది, కానీ రసీదు బాగానే రాశానన్న తృప్తి కూడా కలిగింది.

రాయి మా వరండాలో కొలువుదీరింది. దానికో నంబరు, పక్కన ‘ముట్టరాదు’ అనే బోర్డు. పరీక్షలు మొదలయ్యాయి. అటెండరు కోటేష్ బల్ల మీద నిలబడి కవచాలను ఒక్కొక్కటిగా రాయి మీద వదిలాడు. ప్లాస్టిక్‌ది పగిలింది. అల్యూమినియంది వంగింది. ఇనుముది ఖణేల్మంది, దానికేమీ కాలేదు. నేను చప్పట్లు కొట్టబోయాను. దూలయ్య గారు వంగి రాయిని చూశారు. అంచున గోరంత పెచ్చు లేచింది.

“అటవీ వస్తువుకు నష్టం కలిగించినందున ఇనుప నమూనా తిరస్కరించడమైనది,” అని రాయించారు. తాను చెడకూడదు, రాయిని చెడగొట్టకూడదు. అలాంటి కవచం ఎక్కడుందో తెలపవలసిందిగా మూడు కంపెనీలకు ఉత్తరాలు పోయాయి.

మేం ఇలా శ్రమిస్తుంటే కొండ మీద ఒక వింత జరుగుతోంది. రాయి బయల్దేరిన మరుసటి బుధవారం హెప్సిబా మూడో మలుపు దాటి, కాలు కింద పెట్టకుండా పైగుంపు చేరింది. పెట్టె తెరిస్తే ఐసు గడ్డలా ఉంది. జంపక్క మనవరాలికి సూది పడింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చిందట. అంత మంచి ఏడుపు ఈ మధ్య వినలేదని హెప్సిబా మా ఆఫీసుకు వచ్చి మరీ చెప్పింది. వస్తూ వస్తూ రాయికి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత పన్నెండు బుధవారాలు చైను తెగలేదు, చుక్క మందు పారబోయలేదు. పైగుంపులో టీకా పడని పిల్ల లేదు. నేను ఆ మూడు నెలలూ ఉత్సాహంగా ఉన్నాను, ఫైళ్లకు దారాలు కూడా కొత్తవి కట్టాను.

తొంభయ్యో రోజున దూలయ్య గారు నివేదిక చెప్పి రాయించారు. ‘అధ్యయన కాలంలో గొలుసు ఒక్కసారి కూడా తెగనందున కవచం అవసరం లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. రాయిని యథాస్థానంలో ఉంచవలెను.’

నా కలం ఆగింది. “సార్, రాయి మన వరండాల ఉన్నది కాబట్టి తెగలేదు.”

“నిరూపించగలవా?”

“రాయిని అక్కడ పెడితే తెలుస్తది సార్.”

“అదేగా నేనూ రాయిస్తున్నది,” అన్నారాయన.

జంపక్క దగ్గర రసీదు వెనక్కి తీసుకుని, రాయిని అదే గుంతలో, అదే ముఖం పైకి ఉండేలా దింపి వచ్చాం. పెచ్చు లేచిన పక్క ఎటుండాలో లాల్‌సింగ్ గారు దగ్గరుండి చూశారు. ఎన్నడూ లేంది ఆ రోజు నాకు మా ఆఫీసు మీద నిజంగా కోపమొచ్చింది. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

తర్వాతి బుధవారం చైను తెగింది. గురువారం పొద్దున హెప్సిబా వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

“జయరాజన్నా, ఒక తెల్లకాయితం ఇయ్యి.”

“మళ్లీ గార్డుకేనా? ఇయ్యరమ్మా.”

“గార్డు నాకెందుకన్నా? గార్డు వస్తే రాయి ఆడనే ఉంటది. నాకు పరీక్ష గావాలె.”

ఇరవై ఏళ్లుగా ఇదే కుర్చీలో ఉన్నాను, ఈ విభాగాన్ని ఎలా వాడుకోవాలో నాకు తట్టలేదు. ఆమెకు ఒక్క రాత్రిలో తట్టింది. నిబంధనల పుస్తకం తీసి ఇద్దరం కూర్చున్నాం. క్రితంసారి పరీక్షించింది కవచం దేనితో చేసిందని, మందం ఎంతని కాదు. ‘మందం విషయమై పునఃపరీక్ష కోరుతూ’ అని దరఖాస్తు రాశాం. నా దస్తూరీ అంత అందంగా ఎప్పుడూ రాలేదు.

“మందమా?” అన్నారు దూలయ్య గారు. ఆయన ముఖం వెలిగింది. “అవునయ్యా, మందం చూడనే లేదు. రాయిని పిలిపించు.”

విశ్రాంతి ముప్పై రోజులూ కాగానే రాయి వచ్చింది. మందం తర్వాత వెడల్పు పరీక్ష, దాని తర్వాత రంగు, ఆ పైన బోల్టుల సంఖ్య. కంపెనీలు నమూనాలు పంపుతూనే ఉన్నాయి, కోటేష్ బల్లెక్కి పడేస్తూనే ఉన్నాడు. రాయిని దించే కుర్రాళ్లకు గుంత కొలత నోటికొచ్చింది. జంపక్క రొంటి సంచిలోని రసీదు మడత విప్పే లోపే కొత్తది తయారవుతుంది. ఆమె మనవరాలికి ఇప్పుడు మూడేళ్లు. ట్రాక్టరు కనబడితే చాలు, రాయి పెళ్లికెళ్తోందని ఎదురు పరిగెడుతుంది.

ఇది 2009. కవచం ఎంపిక ఇంకా పరిశీలనలోనే ఉంది. ఈ ఏర్పాటు వల్ల రాయి ఏడాదికి తొమ్మిది నెలలు మా వరండాలో, మూడు నెలలు దారిలో ఉంటోంది. ఆ మూడు నెలల్లో తొమ్మిదో నెల నిండే పిల్లల విషయమై పై నుంచి ఉత్తర్వులు రావలసి ఉంది.