నర్సమ్మ కాగితం, పోచమ్మ కట్టడి

సోమవారం పొద్దున మొగులయ్య వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. గటక తాగాలి, సైకిలెక్కాలి, ఏడు గంటల సైరను కూయకముందే పటాన్‌చెరు రోడ్డు మీది ఇనుప గొట్టాల ఫ్యాక్టరీ గేటు దాటాలి. ఆ గేటున్న చోట ఆరేళ్ళ కిందట అతని జొన్న చెలక ఉండేది. ఇప్పుడు తన చెలకలోకి తాను పోవడానికి బిళ్ళ చూపించాలి.

ఆ ఫ్యాక్టరీలో ఒక రూలుంది. టెంపరరీ కూలీ నాగా లేకుండా రెండు వందల నలభై డ్యూటీలు చేస్తే పర్మినెంటు. మధ్యలో ఒక్క నాగా పడితే లెక్క మళ్ళీ ఒకటి నుంచి. రూలు రాసినవాడు మనిషి బతుకును బాగా చదివినవాడు. అంతకాలం ఏ ఇంట్లోనూ ఏదో ఒకటి జరగకుండా ఉండదని వాడికి తెలుసు. మొగులయ్యకు మొదటిసారి నూట తొంభై దగ్గర తండ్రి పోయాడు. రెండోసారి రెండు వందల పదకొండు దగ్గర ఎద్దు పొడిచింది. ఈసారి పోవడానికి తండ్రి లేడు, పొడవడానికి ఎద్దు లేదు. 1974 మాఘమాసంలో ఆ సోమవారం నాటికి రెండు వందల ముప్పై ఒకటి నిండాయి. ఇంకా తొమ్మిది.

సైకిలు బయటికి తీయబోతే గుమ్మానికి కట్టిన వేపమండలు మొహానికి తగిలాయి.

"ఏందమ్మా గియ్యి?"

"జెర పయిలంగ. పోరికి పోచమ్మ తల్లి వచ్చింది," అన్నది అతని తల్లి మల్లమ్మ.

భయపడవలసిన తల్లి కాదు. కిందటి బుధవారం రోడ్డు మీది బడిలో నర్సు హైమావతి పిల్లలందరికీ మసూచి టీకాలు వేసింది. మూడో తరగతి చదివే మొగులయ్య కూతురు సుమిత్రకు జబ్బ మీద పొక్కు లేచింది, ఒళ్ళు కాస్త వెచ్చబడింది. టీకా పట్టిందనడానికి అదే గుర్తు.

హైమావతి భీమవరం వైపు మనిషి. మూడూళ్ళ పిల్లలకు ఒక్కతే నర్సు. పని మీద ప్రేమ ఎక్కువ. ఈ దేశంలో అది ఎప్పుడూ ముంచుతుంది. టీకా వేసి ఊరుకోక, ప్రతి పిల్ల చేతా ఇంటికొక కాగితం పంపింది. పొక్కు మీద నీళ్ళు పోయరాదు. నూనె రాయరాదు. గోకరాదు. ఇతరులు తాకరాదు. ఎనిమిదో రోజున బడికి తెచ్చి చూపాలి.

సుమిత్ర చదివి వినిపిస్తే మల్లమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది.

"గీ నర్సమ్మకు ఎవరు చెప్పిన్రో గని అన్నీ ఎర్కున్నయే! పోచమ్మ కట్టడి గిదే గదా!"

అంతకు ముందు సర్కారు ఆ ఊరికి చాలా చెప్పింది. నీళ్ళు కాచుకోమంది, పెంట దూరంగా వేయమంది. ఒక్కడు వినలేదు. ఊరు మొదటిసారి అక్షరం పొల్లుపోకుండా పాటించిన సర్కారు కాగితం ఇదే. నర్సమ్మ మరిచిపోయిన రెండు మూడు సంగతులు మాత్రం మల్లమ్మ కలిపింది. గుమ్మానికి వేపమండలు కట్టాలి. కూరకు తాలింపు పెట్టరాదు. తొమ్మిదో నాడు పిల్లకు నీళ్ళు పోసి పోచమ్మకు బోనం తీయాలి. ఆమె మాట మీద టీకా పడిన ముప్పై ఎనిమిది ఇళ్ళూ వేప కట్టుకున్నాయి.

"తల్లి ఇంట్ల ఉండంగ పొలిమేర దాటొద్దు కొడుకా."

"నువ్వే చెప్పు పోచమ్మకు, ఇంక తొమ్మిది దినాలే ఉన్నయని," అని మొగులయ్య సైకిలెక్కాడు.

అతను పోయిన రెండు గంటలకు హెల్త్ ఇన్‌స్పెక్టర్ నరసరాజు జీపు ఆ ఊరి మీదుగా సంగారెడ్డి పోతూ వచ్చింది. తాలూకా మొత్తానికి టీకాలు వేయించే ఉద్యోగం ఆయనది. తాను మాత్రం వేయించుకోలేదు. సూదంటే భయం. వరసగా వేపమండలు చూడగానే ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, జీపులోంచే గుమ్మాలు లెక్కపెట్టాడు.

మల్లమ్మ మర్యాద తెలిసిన మనిషి. సుమిత్ర చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. "ఓ సారూ, దిగుండ్రి. మా పోరి చెయ్యి సూడుండ్రి, ఎంత మంచిగ లేచిందో!"

"పోనీ, పోనీ! ఆపితే నీ ఉద్యోగం తీయిస్తా!" అన్నాడు నరసరాజు డ్రైవరుతో.

మొగులయ్య సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఊరి మొగదల తాడు కట్టి ఉంది. తాడుకు బోర్డు, బోర్డు పక్కన కానిస్టేబులు. మసూచి సోకిన ఊరు, రాకపోకలు నిషేధం. లోపలికి పోవడానికి అభ్యంతరం లేదన్నాడు కానిస్టేబులు. బయటికి రావడమే కుదరదన్నాడు.

మంగళవారం పొద్దున మొగులయ్య సైకిలు వదిలి, పొలాలకు అడ్డం పడి గేటు చేరాడు. టైం ఆఫీసు బాపిరాజు చేతిలో అప్పటికే పేర్ల కాగితం ఉంది.

"ఆగవయ్యా అక్కడే! ఆ గీత దాటకు. మీ ఊళ్ళో మసూచి అట గదా, ఫోనొచ్చింది. మీ ఊరోళ్ళు పదకొండు మంది, ఒక్కడూ లోపలికి రాకూడదు."

"మసూచి లేదు, గిసూచి లేదు సారూ. పొల్లగాండ్లకు బళ్ళె టీకాలేసిన్రు. అవే లేచినయి."

"లేదని కాగితం పట్రా. సంతకం ఉన్న కాగితం తెస్తే నేను కాదంటానా? నాగా సంగతి కూడా మేనేజరు గారితో మాట్లాడి పెడతా."

"గంతల డ్యూటీ పోతది గద సారూ. ఇంక ఎనిమిదే ఉన్నయి నాకు."

"ఎనిమిదుంటే ఎనిమిదే ఉంటాయి. ఎక్కడికి పోతాయి?" అన్నాడు బాపిరాజు ప్రేమగా.

మొగులయ్య అక్కడి నుంచి బడికి పరుగెత్తాడు. సంగతి విని హైమావతి నడిచి ఊళ్ళోకి వచ్చింది. వీధి పొడుగునా వేప చూసి నిలబడిపోయింది.

"అమ్మా, ఈ మండలు తీసెయ్యండి. వీటిని చూసే ఆయన రోగమనుకున్నాడు."

"నీ కాగితం లెక్కనే చేసినం గదమ్మా," అన్నది మల్లమ్మ. "నీళ్ళు పోసినమా? నూనె రాసినమా?"

"లేదమ్మా, అన్నీ సరిగ్గానే చేశారు. కానీ వేపమండలు కట్టమని నేను చెప్పలేదు కదా?"

"నువ్వు మరిసినవ్ బిడ్డా. నేను యాద్ జేసిన. తల్లి ఉండంగ మండలు తీస్తరా? నీ ఇంట్లకు వచ్చినామెను నువ్వు గట్లనే ఎల్లగొడతవా?"

హైమావతి మండలను వదిలేసింది. మొగులయ్యను వెంటబెట్టుకుని తాడు దగ్గరికి పోయింది. నరసరాజు తాడుకు అవతల, ఇరవై అడుగుల దూరంలో, జీపులోనే కూర్చుని ఉన్నాడు.

"అవి కేసులు కావండీ! టీకా పొక్కులు. నేనే వేశాను. వచ్చి చూడండి."

"చూడక్కర్లేదు మేడం. ముప్పై ఎనిమిది కేసులని పైకి రాసి పంపాను. ఇప్పుడు లేవంటే ఆ ముప్పై ఎనిమిదీ ఎక్కడికి పోవాలి?"

"అసలు లేనివి ఎక్కడికి పోతాయండీ?"

"అదే మరి. కేసని రాశాక అది తగ్గాలి, లేదా మనిషి పోవాలి. తగ్గడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. రెండోది కావాలంటే మీ ఇష్టం."

అంతటితో ఆగినా బాగుండేది. రోగం సోకిన ఊళ్ళో పెద్దలకూ పిల్లలకూ తేడా లేకుండా అందరికీ టీకాలు వేయాలని రూలు. బుధవారం హైమావతి చేతే ఊరంతటికీ వేయించారు. మొగులయ్య కూడా జబ్బ చాపాడు. వేయించుకుంటే తొందరగా వదులుతారని ఎవరో అన్నారు. హైమావతి ఈసారి కాగితాలు పంచలేదు. అవసరం లేకపోయింది. మల్లమ్మకు నోటికి వచ్చు.

ఐదో నాటికి ఊరందరి జబ్బలూ పొంగాయి. ఊళ్ళో ఉన్న నూట పన్నెండు ఇళ్ళకూ వేపమండలు ఎక్కాయి. సోమవారం నరసరాజు జీపులోంచి మళ్ళీ లెక్కపెట్టాడు. వారం కిందట ముప్పై ఎనిమిది, ఇప్పుడు నూట పన్నెండు. రోగం అదుపు తప్పిందని హైదరాబాదుకు తంతి కొట్టాడు. ఒక్కడూ చావకపోవడం చూసి ఆయన ఆశ్చర్యపడలేదు. అది తన జాగ్రత్త వల్లనే అనుకున్నాడు.

గురువారం హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు వస్తున్నాడని కానిస్టేబులు చెప్పాడు. ఆ మాట విన్న మొగులయ్యకు ఒకటే ఆలోచన. ఈ డాక్టరు కూడా జీపులోంచే గుమ్మాలు లెక్కపెడితే? లెక్కపెట్టడానికి మండలే లేకపోతే? గురువారం పొద్దున ఆడవాళ్ళు నీళ్ళకు, మగవాళ్ళు పొలాలకు పోయిన వేళ చూసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నూట పన్నెండు గుమ్మాల మండలూ పీకి వాగులో పారేశాడు.

బిందెలతో తిరిగి వచ్చిన ఆడవాళ్ళు బోసి గుమ్మాలు చూసి గొల్లుమన్నారు.

"తల్లి అలిగి పోయిందో!" అని మల్లమ్మ రోడ్డు మీద కూలబడింది. "రేపు నీళ్ళు పోసి సాగనంపుదమంటిమి. ఏం తప్పు జేసినమో, ఉన్నపళంగ లేసి పోయె! ఇగ ఊరు ఉంటదా!"

"తల్లి పోలే, నేనే పీకిన," అన్నాడు మొగులయ్య.

చెప్పకుండా ఉండవలసింది. మొదటి చీపురు కన్నతల్లిదే. ఆ తరువాత అలిగిన పోచమ్మను బతిమాలి తేవడానికి ఊరు ఊరంతా కదిలింది. రెమ్మలు చాలవని కొమ్మలే నరికారు. డప్పులు తెచ్చారు. ఒంటి నిండా వేప చుట్టుకుని, మొగులయ్యను ప్రాయశ్చిత్తం కింద ముందు నడిపిస్తూ, రెండు మూడు వందల మంది పొలిమేర దాకా వచ్చేసరికి తాడు దగ్గర పెద్ద డాక్టరు జీపు, దాని వెనక నరసరాజు జీపు వచ్చి ఆగాయి. కానిస్టేబులు తాడు వదిలేసి చెట్టెక్కాడు. నరసరాజు జీపు వెనక్కి తిరిగి సంగారెడ్డి దాకా ఆగలేదు.

పెద్ద డాక్టరు ముసలివాడు. ఆయన మాత్రం దిగాడు. డప్పుల మధ్యలోకి నడిచి వచ్చి సుమిత్ర జబ్బ చూశాడు, మల్లమ్మ జబ్బ చూశాడు, చీపురు దెబ్బల మధ్య వెతికి మొగులయ్య జబ్బ చూశాడు. గంటసేపు చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇక్కడ మసూచి లేదు, ఎప్పుడూ రాలేదు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత బాగా టీకాలు పట్టిన ఊరు చూడలేదు. ఎవరమ్మా వీళ్ళకు జాగ్రత్తలు చెప్పింది?"

హైమావతి తల వంచుకుంది. మొగులయ్య ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"గదే ముక్క కాగితం మీద రాసియ్యుండ్రి సారూ. మీకు పుణ్యముంటది."

ఆయన రాశాడు, సంతకం చేశాడు, ముద్ర కూడా వేశాడు. మొగులయ్య కాగితం కళ్ళకద్దుకుని గేటుకు పరుగెత్తాడు.

బాపిరాజు రెండుసార్లు చదివాడు. "శుభం. రోగం లేదన్నమాట. ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు సారూ!"

"మరి తొమ్మిది డ్యూటీలు ఎందుకు రాలేదయ్యా?"

"మీరే గద సారూ రానియ్యంది."

"మేం ఆపింది రోగమున్న ఊరి మనిషిని. అంటురోగమని సర్కారు ఆపితే ఆ రోజులు నాగా కిందికి రావు, రూల్సులోనే ఉంది. నీ డ్యూటీలు రెండొందల ముప్పై రెండు ఎక్కడివక్కడే ఉండేవి. మేనేజరు గారు కూడా ఏమీ చెయ్యలేక చూస్తూ కూర్చున్నారు. నువ్వు గమ్మున ఊళ్ళో పడుకుంటే పోయేది. లేని రోగానికి సెలవెలా ఇస్తాం చెప్పు?"

మిగతా పదిమందీ గమ్మున ఊళ్ళోనే పడుకున్నారు. మొగులయ్య కాగితం వాళ్ళకు కూడా నాగా వేయడానికి సరిపోయింది.

అతను శుక్రవారం సంగారెడ్డి పోయాడు. హెల్త్ ఆఫీసులో నరసరాజు మెడలో దండ ఉంది. పంపిన రిపోర్టుల్లో కేసులని ఉన్న చోటల్లా కొట్టేసి టీకాలని రాసుకున్నాడు. అంకెలు మార్చవలసిన పని లేకపోయింది. తాలూకాలో నూటికి నూరు మందికి టీకాలు పట్టిన మొదటి ఊరు అదే అయింది. అనుమతి లేకుండా కాగితాలు పంచి జనాన్ని కంగారు పెట్టినందుకు సంజాయిషీ ఇవ్వమని హైమావతికి మెమో పోయింది.

"ఒక్క కేసన్నా ఉంచుండ్రి సారూ," అన్నాడు మొగులయ్య చేతులు జోడించి. "ఎవ్వల పేరూ వద్దు. నా పేరు మీదనే రాయుండ్రి. వచ్చి తగ్గిందని రాయుండ్రి."

"ఇప్పుడా అడగడం?" అని నరసరాజు నిజంగానే నొచ్చుకున్నాడు. "తాలూకాలో మసూచి లేదని ఇందాకే రాసి పంపానే!"

సోమవారం మొగులయ్య కార్డు మీద బాపిరాజు ఒకటి వేశాడు.

ఆ ఏడు చివర ఆ లెక్క రెండు వందల ముప్పైకి వచ్చిన వారం మేనేజరు గారు తానే హెల్త్ ఆఫీసుకు ఫోను చేసి, కూలీలందరికీ గేటు దగ్గరే టీకాలు వేయించారు. పొక్కు మానేదాకా ఎవరూ లోపలికి రాకూడదని, ఇళ్ళల్లో విశ్రాంతి తీసుకోవాలని బోర్డు కూడా పెట్టించారు. టీకా పొక్కు రోగం కాదని బాపిరాజు దగ్గర సంతకమున్న కాగితం ఉండనే ఉంది. కార్మికుల ఆరోగ్యం మీద అంత శ్రద్ధ ఉన్న ఫ్యాక్టరీ ఆ రోడ్డు మీద ఇంకొకటి లేదు.