గోడ మీద తలకిందుల మనుషులు

ఆశ్చర్యపోవడం అనే దీర్ఘవ్యాధి నుంచి మానవజాతి ఎట్టకేలకు కోలుకుంటోందని సవినయంగా మనవి చేస్తున్నాను. మందు మన జేబులోనే ఉంది. సెల్‌ఫోన్! అడిగీ అడగకముందే జవాబు. ఇంతకన్నా వరం ఇంకేం కావాలి?

పూర్వం మనిషి ఎంత అవస్థ పడేవాడు! వాన పడుతోందో లేదో తెలియాలంటే కిటికీ దాకా నడిచి, చెయ్యి బయటపెట్టి చూడాలి. ఇప్పుడు మా ఎదురింటి రిటైర్డ్ ఇంజనీరుగారు, వాన పడే అవకాశం పది శాతమేనని ఫోనులో చదువుకుని, బాల్కనీలో నిశ్చింతగా తడుస్తారు. మొన్న ఆయన కమ్మగా నిద్రపోయి హుషారుగా లేచారట. చేతి వాచీ చూసుకుంటే, రాత్రి సరిగా నిద్ర పట్టలేదని అందులో ఉంది. పాపం, సాయంత్రం దాకా ఆవలిస్తూనే ఉన్నారు. శాస్త్రీయ దృక్పథమంటే అదీ!

ఈ ప్రగతికి మా ఇంట్లో ఒకే ఒక్క అడ్డంకి ఉంది. ఎనిమిదేళ్ల నా మనవరాలు. ఇంట్లో అందరం ‘ప్రశ్నాపత్రం’ అంటాం.

మొన్న ఆదివారం పొద్దున, వీధివైపు సామాన్ల గదిలో దాగుడుమూతలకని దూరిన ప్రశ్నాపత్రం కేకలు పెట్టుకుంటూ బయటికొచ్చింది.

“తాతయ్యా! గోడ మీద మనుషులు తలకిందులుగా నడుస్తున్నారు! ఒకాయన సైకిల్ కూడా తొక్కుతున్నాడు!”

సోఫాలో ఉన్న మా అబ్బాయి లేవలేదు. ఎందుకు లేవాలి? గది పది అడుగుల దూరం. ఫోను అరచేతిలో ఉంది. అడిగాడు. అర సెకనులో తేలిపోయింది.

“చెమ్మేనే అది! పాత గోడల మీద అలాగే మరకలు కనిపిస్తాయట.”

“మరక సైకిల్ తొక్కుతుందా నాన్నా?”

“కళ్ల డాక్టరుకి చూపించమని కూడా ఉందిక్కడ. చూపించనా?”

పాత రోగం నాకింకా నయం కాలేదు గనుక, నేను లేచి వెళ్లి చూశాను. కిటికీ చెక్కతలుపుకు బఠాణీ గింజంత కన్నం. బయట ఎండ, లోపల చీకటి. ఎదురుగోడ మీద మా వీధి మొత్తం, రంగులతో సహా, తలకిందులుగా! పైన రోడ్డు, కింద ఆకాశం. ఇంజనీరుగారు కాళ్లు పైకి పెట్టి ఫోను చూసుకుంటున్నారు.

“కన్నం చిన్నదైతే మనుషులు కూడా చిన్నగా అయిపోతారా తాతయ్యా?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“చేసి చూద్దాం” అన్నాను.

అంతలో మబ్బు పట్టి, గోడ ఉత్త గోడైపోయింది. రేపు బడి నుంచి రాగానే అని ఒప్పందం చేసుకుని, ఆ పిల్ల సాయంత్రమంతా కూర్చుని ఒక అట్టముక్కకు సూదితో ఒకటి, అగ్గిపుల్లతో ఒకటి కన్నాలు పొడుచుకుంది.

కన్నం సంగతి మా అబ్బాయికి చెప్పాను. “అయితే చెమ్మ అక్కణ్నుంచే వస్తోందన్నమాట!” అన్నాడు, తల ఎత్తకుండా.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. మా అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్లో ఆఫీసు. కన్నం లప్పంతో పూడ్చి, గోడకు పూత వెయ్యాలని మేస్త్రీకి ముందే చెప్పి ఉంచాడట. కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని నేను మేస్త్రీకి సోదాహరణంగా వివరించాను. పాపం, మర్యాదస్తుడు. చివరిదాకా విన్నాడు.

“నిజమేనండీ. కానీ కలిపిన లప్పం ఎండిపోద్ది. జరగండి.”

బడి వదలడానికి ఇంకా మూడు గంటలు. నలభై ఏళ్లు మైకు పట్టుకుని దయ్యాల్లేవని వాదించిన నేను, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాను.

“మేస్త్రీగారూ, ఆ గదిలో కొందరు తలకిందులుగా నడుస్తుంటారు. వాళ్లు వచ్చే దారి ఆ కన్నమే. తరవాత మీ ఇష్టం.”

పాఠకులు గమనించాలి, ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు!

మేస్త్రీ నవ్వి, గది తలుపు తీసి, తల లోపలికి పెట్టాడు. మరుక్షణం మా ఇంట్లో తాపీ మిగిలింది, మేస్త్రీ మిగల్లేదు.

బడి నుంచి వచ్చిన ప్రశ్నాపత్రం చీకట్లో నిలబడి, కన్నానికి అట్ట ఆనించి, “తాతయ్యా, మనుషులు చిన్నగా అవ్వలేదు! నువ్వు కూడా చూడు!” అని అరుస్తోంది. హాల్లో మా అబ్బాయి, పని మధ్యలో మేస్త్రీలు ఎందుకు పారిపోతారని ఫోనును అడుగుతున్నాడు.

ఆ మేస్త్రీని ఎవరైనా పిరికివాడంటే నేను ఊరుకోను. పారిపోయేముందు అతను తల లోపలికి పెట్టి చూశాడు. మా అబ్బాయికి ఆ గది ఇంకా పది అడుగుల దూరంలోనే ఉంది.