బాదంచెట్టు మీది పిట్ట ఏ కుటుంబానిది?

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, ఎక్కడికీ పోదు.

ప్రతి ప్రాణికీ ఒక గూడు ఉండాలని దేవుడు నిర్ణయించాడు. ఆ గూటికి ఒక ఫైలు ఉండాలని ఆఫీసు నిర్ణయించింది. దేవుడు తన పని ముగించుకుని వెళ్లిపోయి చాలాకాలమైంది. ఆఫీసు మాత్రం, భోజన విరామం మినహా, ఇంకా పని చేస్తూనే ఉంది.

దాని పేరు చిన్నపిట్టల వర్గీకరణ కార్యాలయం. (పెద్దపిట్టలది పై అంతస్తు. పిట్టో కాదో తేలనివాటి కోసం మెట్ల కింద ఒక బల్ల వేశారు.) గేటుకు ఎదురుగా ఒక బాదంచెట్టు, చెట్టు కింద ఒక బల్ల, బల్ల మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె, దాని వెనక ఇస్త్రీ అక్క. ఆవిడకు వేరే పేరు ఉండేది గానీ, పెళ్లయి వచ్చి ఆ బల్ల వెనక నిలబడ్డప్పటినుంచీ ఎవరూ దాని జోలికి పోలేదు. పక్కనే పీట మీద ఆవిడ అత్తగారు కూర్చునేది. అత్తగారి పని బట్టలు మడతపెట్టడం, పిల్లుల్ని కర్రతో అదిలించడం, కోడలిని మాటతో అదిలించడం. మూడూ ఏకకాలంలో చేయగలిగేది.

ఆఫీసువాళ్ల చొక్కాలన్నీ ఇస్త్రీ అక్క చేతుల మీదుగానే ఆఫీసులోకి వెళ్లేవి. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటి మూటలో కట్టేది. ఎవరివో తెలియని జేబురుమాళ్లు, జత తప్పిన మేజోళ్లు, ఎవరూ మాది అనని లాగులు మిగిలిపోతే వాటన్నిటినీ ఒక పాత దుప్పటిలో కట్టి కొమ్మకు వేలాడదీసేది. దాన్ని ‘ఎవరివో మూట’ అనేవాళ్లు. ఏళ్లు గడిచినకొద్దీ ఆ మూట అన్ని మూటలకన్నా పెద్దదైంది.

ఇలా ఉండగా ఒకరోజు చెట్టు మొదలుకు ఒక నోటీసు అంటించారు. అధికారులు పిట్టల్ని చూడటానికి జీపుల్లో చెట్ల దగ్గరికి వెళుతుంటారు కదా. ఆ జీపులు ఎండకు కాలిపోతున్నాయట. వాటికి నీడ కల్పించే నిమిత్తం ఈ చెట్టు కొట్టేసి రేకుల షెడ్డు వేయాలని తీర్మానించారు. తీర్మానంలో తప్పు పట్టడానికేమీ లేదు. సంతకాలన్నీ సక్రమంగానే ఉన్నాయి.

ఇస్త్రీ అక్క పెట్టె దించి నోటీసు రెండుసార్లు చదివింది. ఎండలో నిప్పుల పెట్టె పట్టుకుని నిలబడటం ఎవరివల్ల అవుతుంది? నీడ పోతే బల్ల పోతుంది, బల్ల పోతే ఇల్లు గడవదు.

"చూస్తూ కూర్చో" అంది అత్తగారు. "రేపు రంపంతో వచ్చినవాడి చొక్కా కూడా మడత నలగకుండా ఇచ్చి పంపు."

అప్పుడే చొక్కా కోసం వచ్చాడు కౌంటరు గుమాస్తా. కుర్రతనం నుంచీ ఆ కిటికీ వెనకే కూర్చుని, ముఖం కూడా కిటికీలాగే పలకగా అయిపోయిన మనిషి. మంచివాడే. తల పైకెత్తి కొమ్మల్లోకి చూశాడు.

"అక్కా, ఆ ఆకు చూశావా? అంచులు దగ్గరికి లాగి కుట్టినట్టుంది."

చూస్తే నిజమే. వెడల్పాటి బాదం ఆకును దొప్పలా చుట్టి, దూదిపోగుతో, మధ్యమధ్య ఇస్త్రీ అక్క బల్ల మీది దారప్పోగులతో కుట్టి, లోపల గూడు కట్టుకుంది ఒక చిన్న పిట్ట. బొటనవేలంత ఒళ్లు, ఆకుపచ్చ వీపు, నెత్తిన ఇటుక రంగు టోపీ, ఎప్పుడూ నిక్కబొడుచుకుని ఉండే తోక. చాలామంది దర్జీపిట్ట అంటారే, అది.

"పాడే పిట్ట. దీని కుటుంబం రక్షిత జాబితాలో ఉందనుకో, చెట్టు మీద చెయ్యి వేసే దమ్ము ఎవడికీ ఉండదు. ఒక కాగితం పెట్టు. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు గుమాస్తా.

"ఏ కుటుంబం బాబూ ఇది?"

"అది తేల్చడానికే కదా ఆఫీసు ఉంది."

మర్నాడు ఇస్త్రీ అక్క పెట్టె అత్తగారికి అప్పజెప్పి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, కౌంటరు ముందు నిలబడింది. గుమాస్తా నిన్న చెట్టు కింద మాట్లాడిన మనిషిలా కాక, కిటికీ వెనక మనిషిలా మాట్లాడాడు. (ఇది అతని తప్పు కాదు. కిటికీ అద్దానికి ఆ గుణం ఉంది.)

"దరఖాస్తుదారు పిట్టేనా?"

"నేను బాబూ. నిన్న నువ్వే కదా..."

"పిట్ట తరఫున మీరు. పిట్టకు మీరేమవుతారు?"

ఇస్త్రీ అక్క "ఇరుగుపొరుగు" అంది. ఆ గడి దరఖాస్తులో లేకపోవడం వల్ల ‘మేనత్త’ అని నింపారు.

తర్వాత విషయం వివరించాడు. ఒకప్పుడు సన్నటి ముక్కుతో పురుగులు ఏరుకు తింటూ, కంటికి ఆనకుండా ఉండి చెవికి మాత్రం బాగా ఆనే ఈ చిన్న పిట్టలన్నీ ఒకే కుటుంబం. వందల రకాలు. పాతకాలపు పెద్దలు, ఏ పిట్టను ఎక్కడ పెట్టాలో తోచకపోతే అందులో పెట్టేశారు. తర్వాత వచ్చినవాళ్లు రక్తం తీసి చూస్తే, వీటిలో సగం వాటికి మిగతా సగంతో చుట్టరికమే లేదు. కొన్ని వానకోయిలలకు దగ్గర, కొన్ని భరతపక్షులకు దగ్గర. దాంతో ఆ కుటుంబాన్ని విడగొట్టి రెల్లుపిట్టలు వేరు, ఆకుపిట్టలు వేరు, పొదపిట్టలు వేరు, గడ్డిపిట్టలు వేరు అని కాపురాలు పెట్టించారు.

"అంటే మా ఎవరివో మూట లాంటిదన్నమాట" అంది ఇస్త్రీ అక్క.

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట పైకి అనకక్కా. ఆ మూట మీద ముగ్గురికి ప్రమోషన్లు వచ్చాయి."

ముందు పిట్ట ఫొటోను ఆఫీసు యాప్‌లో పెట్టాలన్నారు. పిట్ట ఒక్కచోట కుదురుగా ఉంటేనా? పదిసార్లు తీస్తే పదిసార్లూ తోక ఒకటే పడింది. ఆఖరికి ఆరేసిన బట్టల మీద వాలినప్పుడు దొరికింది. యాప్ చాలాసేపు గిర్రున తిరిగి, ఇది చొక్కా అయ్యే అవకాశం మెండుగా ఉందనీ, పిట్ట అయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేమనీ తేల్చింది. ఈ చొక్కాకు మ్యాచింగ్ ప్యాంటు కావాలా అని కూడా అడిగింది.

కనుక నేరుగా వచ్చి పాట వినాలని నిర్ణయమైంది. ఈ పిట్టలు చూడటానికి ఒకటిగానే ఉంటాయి కాబట్టి పాటను బట్టే పోల్చుకోవాలని నియమం. మహా వర్గీకరణాధికారి స్వయంగా బయల్దేరాడు. గేటు నుంచి చెట్టు దాకా జీపులో వచ్చాడు. పొడవు చేతుల తెల్లచొక్కా, పొద్దున్నే ఇస్త్రీ అక్క చేసి ఇచ్చిందే. వెనకాల కమిటీ, కమిటీ వెనకాల పాట పట్టే యంత్రం.

రోజూ తెల్లారకముందే ‘టువిట్ టువిట్’ అని చెవులు ఊదరగొట్టే ఆ పిట్ట, కమిటీని చూడగానే నోరు కట్టేసుకుంది. ఎండ నడినెత్తికి వచ్చినా కూయలేదు.

"పొద్దుట్నుంచీ గొంతు చించుకుంది బాబూ" అని ఇస్త్రీ అక్క ప్రాధేయపడింది. "మీరొక్క నిమిషం అటు తిరిగి నిలబడితే..."

"అటు తిరిగి వినడానికి మాకు అనుమతి లేదమ్మా" అన్నాడు అధికారి.

ఆ నిశ్శబ్దంలో అత్తగారికి పొగ కమ్మి దగ్గు తెర వచ్చింది. దగ్గి, దగ్గి, కింద చేరిన పిల్లిని కర్రతో ‘ఛీ’ అని అదిలించింది. యంత్రం అది పట్టుకుంది. వారం తిరక్కుండానే నివేదిక వచ్చింది: ‘స్వరం బొంగురు. ఆరంభంలో పదేపదే తెగుతూ, చివర తీవ్రమైన ఒకే అక్షరంతో ముగియును. ముసలి పక్షి కావచ్చును. ఇంతటి అసహనం గడ్డిపిట్టల కుటుంబంలో మాత్రమే కనబడును.’

"నా దగ్గుకు కుటుంబం దొరికిందే" అంది అత్తగారు. "నీ మొగుడికి చెప్పు, ఇకనుంచి నేను వాళ్లింట్లో ఉంటా."

ఆఫీసులో దీని మీద పెద్ద రభసే అయింది. ఆకు కుట్టే పిట్ట ఆకుపిట్టల్లో ఉండాలని ఒక వర్గం, బాదంచెట్టు దిగి ఏనాడూ గడ్డి మొహం చూడకపోయినా గడ్డిపిట్టే అని ఇంకో వర్గం. ఇద్దరు ఉప వర్గీకరణాధికారులు కలిసి భోంచేయడం మానేశారు. ఈలోగా గూట్లో గుడ్లు పిల్లలయ్యాయి. వాటి పేర్లు ఫైల్లో చేర్చకపోవడం వల్ల ఫైలు ఒకసారి వెనక్కి వచ్చింది. రంపాలవాళ్లు లారీతో వచ్చినరోజు మాత్రం ఇస్త్రీ అక్క చెట్టును వాటేసుకుని నిలబడింది.

"ఫైలు నడుస్తోంది బాబూ. మీ కాళ్లు పట్టుకుంటా, ఫైలు ఆగేదాకా ఆగండి."

లారీ మేస్త్రి తలగోక్కుని, "ఫైలు నడవడం నేనెప్పుడూ చూళ్లేదు. సరే, ఎంత దూరం పోతుందో చూద్దాం" అని వెళ్లిపోయాడు.

ఆఖరికి ధ్రువపత్రం వచ్చింది. బాదంచెట్టు మీది పిట్ట గడ్డిపిట్టల కుటుంబానికి చెందినదనీ, సదరు కుటుంబం రక్షిత జాబితాలో ఉన్నదనీ, కావున చెట్టును ఎవరూ తాకరాదనీ. గుమాస్తా కిటికీలోంచి చెయ్యి బయటకు పెట్టి మరీ ఇచ్చాడు. కాగితం మధ్యలో మడత పడిందని ఇస్త్రీ అక్క పలచటి గుడ్డ పరిచి, వేడి తగ్గించి, దాన్ని ఇస్త్రీ చేసి అత్తగారి చేతిలో పెట్టింది.

"గెలిచామత్తా."

అత్తగారికి చదువు రాదు. కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసింది. "ఇందులో మన పేరెక్కడుందే?"

"మనదెందుకుంటుంది? పిట్టదుంటే చాలదూ?"

"ఏమో. ఊరికే అడిగా."

ఆ వారం ఇస్త్రీ అక్క నేల మీద నడవలేదు. వచ్చినవాళ్లకల్లా మా గడ్డిపిట్ట, మా కుటుంబం అని చెప్పుకుంది. పై వారం గుమాస్తా వచ్చాడు. ఈసారి చొక్కా కోసం కాదు. చేతిలో ఒక తాడు, ఒక టేపు.

"ఏం చెప్పమంటావక్కా. రక్షిత కుటుంబం కదా. చెట్టు చుట్టూ ఇంత మేర ఇతర జీవులు ఉండకూడదట. పొగ, వేడి, దగ్గు నిషిద్ధం. రేపటికల్లా బల్ల తీసేయాలి."

ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. లేకపోతే ఎవరి చొక్కానో కాలిపోయి ఉండేది.

"అర్జీ పెట్టిందే నేను కదయ్యా?"

"అందుకే అందరికన్నా ముందు మీకే తెలియజేస్తున్నాం" అన్నాడు గుమాస్తా. ఆ మాట కిటికీ వెనక నేర్చుకున్నదే. కానీ కిటికీ లేకుండా అనడం మొదటిసారి కాబట్టి, అన్నాక నేల చూపులు చూశాడు.

"పిల్లులో మరి? మా అత్త కర్ర పుచ్చుకుని కూర్చోబట్టే కదా ఆ పిల్లలు బతికింది."

"పిల్లులు వేరే శాఖ. వాటికి రాస్తాం."

"నాయనా" అని పీట మీది నుంచి పిలిచింది అత్తగారు. "నేను ఆ కుటుంబంలో మనిషినేనని మీ కాగితాల్లోనే ఉంది. నన్నైనా ఉండనిస్తారా?"

గుమాస్తా నిజంగానే ఆలోచించాడు. ఆ నివేదిక బయటకు తీస్తే వర్గీకరణే చెల్లదని, చెల్లకపోతే చెట్టు కొట్టేస్తారని, ఎటు తిప్పినా బల్ల లేవక తప్పదని విడమరిచి చెప్పాడు. ఓపిగ్గా చెప్పాడు. మంచివాడని ముందే అనుకున్నాం కదా.

మర్నాడు బల్ల లేచింది. బల్లతోపాటు పీట, కర్ర, ఎవరివో మూట. ఆఫీసు వెనక సందులో, ఒక గోడ పక్కన కాస్త జాగా దొరికింది. నీడ లేదు. గోడకు సొరపాదు పాకించి, పైన పాత దుప్పటి కట్టుకున్నారు. దుప్పటి కోసం ఎవరివో మూట విప్పాల్సి వచ్చింది.

బాదంచెట్టు కింద బోర్డు పెట్టారు: ‘ఇచట పిట్టలు కలవు. మనుషులు ఉండరాదు.’ కాపలాకు ఒక మనిషిని వేశారు. అత్తగారి కర్ర వెళ్లిపోయాక పిల్లులకు అడ్డు లేకపోయింది. పిట్టపిల్లలకు అప్పటికే రెక్కలొచ్చాయి కాబట్టి సరిపోయింది గానీ, తల్లిపిట్ట మళ్లీ ఆ చెట్టు మొహం చూడలేదు. ఈ సంగతి ఆఫీసుకు ఎవరూ చెప్పలేదు. కాపలా ఇప్పటికీ నడుస్తోంది, రెండో మనిషి కోసం రాసుకున్నారు.

మరి పిట్ట ఎక్కడికి పోయిందంటారా? వానలు వెలిసిన కొత్తలో ఒక పొద్దున్న ఇస్త్రీ అక్క బొగ్గులు రాజేస్తుంటే నెత్తి మీద ‘టువిట్ టువిట్’. సొరపాదులో రెండు ఆకులు పక్కపక్కన కుట్టేసి ఉన్నాయి. కుట్టు పొడవునా ఎవరివో మూటలోని నీలం మేజోడు పోగులు.

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరికీ చెప్పకే" అంది అత్తగారు.

"ఈ జన్మలో చెప్పను" అంది ఇస్త్రీ అక్క.

ఆఫీసువాళ్లు కొన్నాళ్లు నలిగిన చొక్కాలతో తిరిగి, చివరికి వాసన పట్టుకుని సందులోకి వచ్చారు. మహా వర్గీకరణాధికారి కూడా వచ్చాడు, నడిచే వచ్చాడు, సందులోకి జీపు పట్టదు. ఆయన చొక్కా అందుకుంటుండగా, చేతికి అందేంత దూరంలో, తోక నిక్కించుకుని, నెత్తిన ఇటుక రంగు టోపీతో, ఆ పిట్ట గొంతెత్తి పాడింది. ఆయన దాన్ని తేరిపార చూశాడు.

ఇస్త్రీ అక్క పెట్టె మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. అత్తగారు దగ్గు బిగబట్టింది.

"ఇదేం పిట్టమ్మా?" అన్నాడాయన.

"పిచ్చుక బాబూ."

"అదే అనుకున్నా. తోక చూస్తేనే తెలిసిపోతోంది" అని ఆయన చొక్కా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

అందుకే చెబుతున్నాను, ఈ కథ గుర్తుంచుకోండి. మీ పిల్లలకు చెప్పండి, వాళ్ల పిల్లలకు చెప్పమనండి. ఏ సందు అని ఎవరైనా అడిగితే మర్చిపోయామనండి. ఏ పిట్ట అని అడిగితే మాత్రం పిచ్చుక అనండి. అంత పెద్ద అధికారి తన నోటితో ఒప్పుకున్నాడు గనుక, అది అబద్ధం కూడా కాదు.